ఎ3 గడిలో ముల్లు

2024 నవంబర్ 25. కార్తీకంలో ఆఖరి సోమవారం. కె.గంగవరం మండలం కోటిపల్లి రేవు తెల్లవారకముందే జనంతో నిండిపోయే రోజది. గౌతమిలో మునిగి, దీపాలు వదిలి, సోమేశ్వరుడి దర్శనం చేసుకుని, ముక్తేశ్వరం వైపు పోయేవాళ్లు పంటు ఎక్కుతారు. ఆ పంటు మీద చదరంగం పిచ్చి ఉన్న కుర్రాడెవడైనా ఉంటే మధ్యాహ్నం రెండున్నరకు వాడి కళ్లు గోదావరి మీద ఉండవు, ఫోన్ మీద ఉంటాయి. అప్పుడు సింగపూర్‌లో సాయంత్రం ఐదు. సెంటోసా దీవిలోని ఒక హోటల్లో, అద్దాల గదిలో, పద్దెనిమిదేళ్ల దొమ్మరాజు గుకేశ్ తన రాజు ముందున్న తెల్లబంటును రెండు గళ్లు తోశాడు. ఇ4.

గుకేశ్‌ది చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. నాన్న రజనీకాంత్ చెవి, ముక్కు, గొంతు డాక్టరు. అమ్మ పద్మకుమారి మైక్రోబయాలజిస్టు. ఎదురుగా కూర్చున్నది ప్రపంచ ఛాంపియన్, చైనాకు చెందిన డింగ్ లిరెన్. వయసు 32. కిరీటం ఉందన్న మాటేగాని అప్పటికి దాదాపు పది నెలలుగా క్లాసికల్ ఆటలో ఒక్క గెలుపు లేదు. ర్యాంకుల్లో ఇరవై దాటి జారిపోయాడు. పద్నాలుగు ఆటల మ్యాచ్ పది ఆటల్లోనే తేలిపోతుందన్న పండితులకు కొదవ లేదు.

డింగ్ కాసేపు బోర్డు చూశాడు. తన రాజు ముందున్న నల్లబంటును ఒక్క గడి మాత్రమే కదిపాడు. ఇ6. ఫ్రెంచ్ డిఫెన్స్.

ఆ ఒక్క గడి వెనక ఒక గాయం ఉంది. 2023లో ఆస్తానాలో నెపోమ్‌నిషీతో ప్రపంచ కిరీటం కోసం ఆడినప్పుడు, ఏడో ఆటలో డింగ్ ఇదే ఫ్రెంచ్ ఎత్తుకున్నాడు. ఆట చేతిలోనే ఉంది. గడియారంలో సమయం కరిగిపోతుంటే డింగ్ రాయిలా బిగుసుకుపోయాడు, ఎత్తు వేయలేకపోయాడు. ఆ ఆట ఓడాడు. మ్యాచ్ ఎలాగో గెలిచాడు గాని ఆ దృశ్యం చూసినవాళ్లెవరూ మరచిపోలేదు. అలాంటి ఓపెనింగ్‌ను కిరీటం కాపాడుకునే మొదటి రోజునే మళ్లీ తీశాడంటే, దాన్ని ధైర్యం అనాలో మొండితనం అనాలో నాకు తెలియదు. రెండూ అయుండొచ్చు.

ఇంట్లో బోర్డు ఉంటే పావులు పేర్చుకోండి. లేకపోతే గళ్లు ఊహించుకున్నా సరిపోతుంది.

ఫ్రెంచ్‌కు ఆ పేరు వచ్చి రెండు వందల ఏళ్లు కావస్తోంది. 1834లో లండన్, పారిస్ క్లబ్బులు ఉత్తరాల మీద చదరంగం ఆడుకున్నాయి. పారిస్ వాళ్లు ఇ4కు ఇ6 అని జవాబిచ్చి గెలవడంతో ఆ పేరు నిలిచిపోయింది. నల్ల ఆటగాడు చేసే బేరం తేలిగ్గానే అర్థమవుతుంది. నడిబోర్డు తెల్లవాడికి వదిలేస్తాడు. తెల్లబంటు ఇ5 దాకా వచ్చి కూర్చున్నాక, దానికి ఆసరాగా ఉన్న డి4 బంటును పక్కనుంచి సి5తో కొడతాడు. బేరంలో నష్టం కూడా ఉంది. సి8లో ఉన్న శకటు (మనలో కొందరు దాన్నే ఒంటె అంటారు) సొంత బంట్ల వెనకే ఇరుక్కుపోతుంది. కొన్ని ఆటల్లో చివరిదాకా దానికి వెలుగు కనపడదు. కంప్యూటర్ ఇంజన్లకు ఈ పొజిషన్లు అంతగా నచ్చవు. అందుకే అగ్రశ్రేణి ఆటగాళ్లలో ఫ్రెంచ్‌నే నమ్ముకున్నవాళ్లు కొద్దిమంది.

ఆ కొద్దిమందిలో ఒకడు మన గుంటూరువాడే. పెంటేల హరికృష్ణ. 1986లో పుట్టాడు. 15 ఏళ్లకే, 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ కిరీటం గెలిచాడు. 2016లో ప్రపంచ తొలి పదిమందిలో నిలిచాడు. ఇప్పుడు కాపురం ప్రాగ్‌లో. నల్లపావులతో కూర్చుని ఇ4కు ఇ6 అని ఏళ్ల తరబడి బదులిచ్చినవాడు, ఫ్రెంచ్ మీద పాఠాలు తయారు చేసినవాడు. అతని పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

సింగపూర్ బోర్డుకు వద్దాం. డి4, డి5. తెల్లగుర్రం సి3కి, నల్లగుర్రం ఎఫ్6కి. తెల్లబంటు ఇ5కు వచ్చి నల్లగుర్రాన్ని తరిమింది. అది డి7కి తప్పుకుంది. ఎఫ్4, సి5. మొదటి ప్రపంచ ఛాంపియన్ స్టైనిట్జ్ పేరుతో ఉన్న లైను ఇది. ఇక్కడ చాలామంది రెండో గుర్రాన్ని ఎఫ్3కి తెస్తారు. గుకేశ్ మాత్రం సి3లో ఉన్న గుర్రాన్నే వెనక్కి, ఇ2కి తీసుకున్నాడు. సి3 గడిని బంటుకు ఖాళీ చేసి డి4కు గట్టి ఆసరా కట్టాలన్నది ఆలోచన. నల్లగుర్రం సి6కి వచ్చింది. తెల్లబంటు సి3కి చేరింది.

ఏడో ఎత్తు. డింగ్ చాలాసేపు ఆలోచించాడు. ప్రపంచ కిరీటం మొదటి ఆటలో ఏడో ఎత్తుకే ఛాంపియన్ తల పట్టుకుంటే చూసేవాళ్లు రెండు రకాలుగా అనుకుంటారు. ప్రిపరేషన్ మరచిపోయాడని కొందరు, ప్రిపరేషన్ లేని చోటికి ఎదుటివాణ్ణి లాక్కెళ్తున్నాడని కొందరు. చివరికి డింగ్ చెయ్యి బోర్డు అంచుకు వెళ్లింది. ఎ5. అంచు బంటు!

నడిబోర్డు భగ్గుమంటుంటే అంచు బంటును తోయడమేమిటని అరుగు మీద చదరంగం నేర్చినవాడు కూడా అడుగుతాడు. జవాబు తర్వాతి నాలుగు ఎత్తుల్లో ఉంది. గుర్రం ఎఫ్3కి, ఎ4. శకటు ఇ3కి, నల్లశకటు ఇ7కి. అప్పుడు గుకేశ్ జి4 తోశాడు. రాజు ఇంకా నడిబోర్డులోనే ఉండగా రాజు పక్క కంచెను తానే విప్పేశాడు. ఎదురు దాడికి తొందర అది. డింగ్ మంత్రిని ఎ5కి తెచ్చాడు. తెల్లశకటు జి2కి. వెంటనే నల్లబంటు ఎ3కి దిగింది.

అక్కడ, ఎ3 గడిలో, ముల్లు దిగింది.

తెల్లవాడు బి3 ఆడాడు. నల్లవాడు డి4 బంటును కొట్టాడు. గుకేశ్ దాన్ని వెంటనే తిరిగి కొట్టకుండా ముందు బి4 తోసి మంత్రిని తరిమాడు. చమత్కారమైన మధ్య ఎత్తు. మంత్రి సి7కి పోయాక గుర్రం డి4ను తీసుకుంది. చూడ్డానికి తెల్లవాడి పరిస్థితి బాగానే ఉంది. ఇప్పుడు సి4 గడి మీద వేలు పెట్టండి. ఆ గడిలో నల్లగుర్రం కూర్చుంటే దాన్ని తరమడానికి తెల్లవాడికి బంటేదీ? బి బంటు బి4కు వెళ్లిపోయింది. డి బంటు చచ్చిపోయింది. బంటు వెనక్కి నడవదు కదా! అంటే ఆ గడి ఆట ముగిసేదాకా నల్లవాడిదే. దానికితోడు సి వరుస తెరుచుకుంది. ఆసరా లేని సి3 బంటు సి7లోని నల్లమంత్రికి ఎదురుగా నిలబడింది. ఎ3 బంటు కాపలా కాస్తున్నంతకాలం నల్లగుర్రానికి బి2 గడి కూడా తలుపు తెరిచి ఉన్నట్టే. డింగ్ గుర్రం డి7 నుంచి బి6కి, బి6 నుంచి సి4కి వచ్చి కూర్చుంది.

నల్లపావులతో పదునైన లైను ఆడటమంటే సరిగ్గా ఇదే అంటాను. పాతిక ఎత్తులు బట్టీ పట్టి వచ్చి చకచకా వేయడం చాలామందికి వస్తుంది. తెల్లవాడు తోసిన ప్రతి బంటు వెనక ఏ గడి అనాథ అవుతుందో చూడటం వేరే విద్య. ఎ5 గొప్ప ఎత్తేం కాదు. ఇంజన్‌ను అడిగితే పెదవి విరుస్తుందేమో కూడా. అయినా అది గుకేశ్‌ను సొంత ప్రిపరేషన్ నుంచి బయటికి లాగి, తానే జి4, బి4 అని కంచెలు విప్పుకునేలా చేసింది. ఇక గడియారం తన పని మొదలెట్టింది. ఈ మ్యాచ్‌లో మొదటి 40 ఎత్తులకు రెండు గంటలు. ఎత్తుకు 30 సెకన్ల ఉపశమనం 41వ ఎత్తు నుంచే. తెల్లరాజు చుట్టూ గాలి ఆడుతోంది. గుకేశ్ లెక్క ఒక చోట తప్పింది. ఆ సంగతి తర్వాత తానే చెప్పాడు. 42 ఎత్తుల్లో ఆట ముగిసింది. నల్లపావులది గెలుపు.

ఆ ఓటమి తర్వాత ఆనంద్ ఎదురుపడి అన్న మాటను గుకేశ్ కిరీటం గెలిచాక బయటపెట్టాడు. నాకు పదకొండు ఆటలే మిగిలాయి, నీకు ఇంకా పదమూడున్నాయి అన్నాడట విశ్వనాథన్ ఆనంద్. ఆ పదకొండు వెనక 2010 సోఫియా ఉంది. తొపలోవ్‌తో పన్నెండు ఆటల మ్యాచ్. మొదటి ఆటలో ఆనంద్‌వి నల్లపావులు. గ్రున్‌ఫెల్డ్ అనే మరో పదునైన డిఫెన్స్ ఎంచుకున్నాడు. ప్రిపరేషన్ అంతా ఇంట్లో చేసుకున్నదే. బోర్డు ముందు ఎత్తుల వరుస తారుమారైంది. 23వ ఎత్తులో రాజును ఎఫ్7కి జరిపాడు. తొపలోవ్ గుర్రాన్ని బలి ఇచ్చి ఆట ముగించాడు. పదునైన లైనులో జ్ఞాపకం ఒక్క ఎత్తు జారితే చాలు. అదే ఆనంద్ ఆఖరి, పన్నెండో ఆటను మళ్లీ నల్లపావులతోనే గెలిచి కిరీటం నిలబెట్టుకున్నాడు. గుకేశ్‌కు ఆ చివరి సంగతి గుర్తు చేశాడో లేదో గాని, గుర్తు చేయాల్సిన పనైతే లేదు. ఆ ఆటలు పిల్లలు బడి పాఠాల్లా చదువుతారు.

సింగపూర్‌లో మూడో ఆట గెలిచి గుకేశ్ లెక్క సరిచేశాడు. ఐదో ఆటలో మళ్లీ ఇ4, మళ్లీ ఫ్రెంచ్. ఈసారి గుకేశ్ పదును జోలికి పోలేదు. మూడో ఎత్తుకే డి5లో బంట్లు మార్చేసి ఆటను చల్లబరిచాడు. చల్లబరిచిన ఆటలోనూ చిక్కుల్లో పడ్డాడు. డింగ్ పట్టు వదలడంతో డ్రా అయింది. వరుసగా ఏడు డ్రాలు. పదకొండో ఆట గుకేశ్‌ది, మర్నాడే పన్నెండోది డింగ్‌ది. పదమూడో ఆటలో తెల్లపావులు మళ్లీ గుకేశ్‌వి. ఇ4. డింగ్ ఏమాత్రం తొణకలేదు. ఇ6. గుకేశ్ మొదటి ఆట దారి వదిలి వేరే దారిలో వెళ్లాడు. డింగ్‌కు బతకడానికి ఒకే ఒక్క ఎత్తు మిగిలిన ఘడియ వచ్చింది. ఆ ఎత్తు డింగ్‌కు దొరికింది. డ్రా. ఆరున్నర, ఆరున్నర.

డిసెంబర్ 12, ఆఖరి ఆట. నల్లపావులు గుకేశ్‌వి. డింగ్ గుర్రం ఎఫ్3, బంటు జి3 అంటూ నెమ్మదిగా మొదలెట్టాడు. గుకేశ్ డి5, సి5 అని నడిబోర్డు పట్టేశాడు. తిరగేసిన గ్రున్‌ఫెల్డ్ ఇది. సోఫియాలో ఆనంద్ నల్లపావులతో ఆడిన పద్ధతిని ఇక్కడ తెల్లవాడు ఒక ఎత్తు ఎక్కువ పెట్టుకుని ఆడుతున్నాడు. నల్లవాడేమో తెల్లవాడిలా నడిబోర్డు ఏలుతున్నాడు. తొమ్మిదో ఎత్తులో బంటు డి4కి, పద్దెనిమిదో ఎత్తులో బి5. దూకుడంతా నల్లవైపే. డింగ్ మాత్రం పావులు మార్చుకుంటూ పోయాడు. డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్ టైబ్రేక్. అక్కడ తనదే పైచేయి అన్న లెక్క కావచ్చు. ముప్పయ్యో ఎత్తుకల్లా మంత్రులు పోయాయి. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. థియరీ ప్రకారం డ్రా అయ్యే ఎండింగే.

ఆ ఒక్క బంటుతో గంటల తరబడి నొక్కాడు. 54వ ఎత్తులో నల్లరాజు ఇ5కి నడిచొచ్చి తెల్ల ఏనుగును తాకాడు. డింగ్ ఏనుగును ఎఫ్2కి లాక్కున్నాడు. డింగ్ శకటు అప్పటికి ఎ8లో, బోర్డు మూలలో ఉంది. మూల గడిలో ఉన్న శకటుకు ఒక్కటే వాలు. గుకేశ్ కళ్లు పెద్దవయ్యాయి. కాసిని నీళ్లు తాగాడు. ఏనుగులు మార్చి శకటును డి5కి తెస్తే ఆ ఒక్క వాలూ మూసుకుపోతుంది. శకట్లు మారక తప్పదు. మిగిలేవి రాజులు, రెండు నల్లబంట్లు, ఒక తెల్లబంటు. అది పిల్లలు కూడా గెలిచే ఎండింగ్. మరో మూడు ఎత్తులకు, 58వ ఎత్తు దగ్గర డింగ్ చెయ్యి చాచాడు. గుకేశ్ ఏడుస్తూనే పావులన్నీ మళ్లీ వాటి గళ్లలో పేర్చాడు. బయట నాన్న కౌగిలించుకున్నాడు. అతి చిన్న వయసు ప్రపంచ ఛాంపియన్‌గా కాస్పరోవ్‌కున్న 22 ఏళ్ల రికార్డు 18 ఏళ్ల దగ్గరికి దిగింది. ఆ రాత్రి ఫోన్లలో గుకేశ్ తెలుగువాడా, తమిళుడా అని మరో మ్యాచ్ మొదలైంది. అది మాత్రం ఇప్పటికీ డ్రాయే.

గెలిచాక గుకేశ్ తన వెనకున్న బృందం పేర్లు చెప్పాడు. గజెవ్‌స్కీ, వొయ్‌తాషెక్, డూడా, కైమర్, క్లిమ్‌కోవ్‌స్కీ. వాళ్లతోపాటు పెంటేల హరికృష్ణ. జన్మంతా నల్లపావులతో ఫ్రెంచ్ ఆడిన మనిషి ఈసారి తెల్లవైపు కూర్చుని దాన్ని పగలగొట్టే దారులు వెతకాల్సి వచ్చిందన్నమాట. సింగపూర్‌లో ఫ్రెంచ్ మూడుసార్లు బోర్డెక్కింది. ఒకటి నల్లపావుల గెలుపు, రెండు డ్రాలు. మూడింటికి రెండు పాయింట్లు డింగ్‌వే. కిరీటం చెన్నైకి వచ్చింది గాని, ఫ్రెంచ్‌ను మాత్రం గుకేశ్ ఆ మ్యాచ్‌లో ఒక్కసారీ ఓడించలేదు.