జావాలో కమాండ్‌లైన్ ఆర్గ్యుమెంట్లు

ప్రోగ్రామును నడిపే ఆదేశంలోనే, దాని పేరు తర్వాత టైపు చేసి అందించే విలువలను కమాండ్‌లైన్ ఆర్గ్యుమెంట్లు అంటారు. జావాలో ఇవి మెయిన్ మెథడ్‌కు స్ట్రింగ్ అరే రూపంలో చేరతాయి. ఆ అరేను ‘ఆర్గ్స్’ అని పిలవడం ఆనవాయితీ మాత్రమే. వేరే పేరు పెట్టినా ప్రోగ్రాము నడుస్తుంది.

రెండు సంఖ్యలను కూడే ప్రోగ్రామునే తీసుకుందాం. క్లాసు పేరు ‘కూడిక’ అయితే టెర్మినల్‌లో ‘జావా కూడిక 12 30’ అని కొట్టాలి. అరేలో సున్నా స్థానంలో 12, ఒకటో స్థానంలో 30 ఉంటాయి. సీ భాషలో సున్నా స్థానం సాధారణంగా ప్రోగ్రాము పేరుది. జావాలో అది మొదటి ఆర్గ్యుమెంటుదే.

ఈ రెండింటి మధ్య + గుర్తు పెడితే 42 రాదు, 1230 వస్తుంది!

కారణం, అవి సంఖ్యలు కావు, అక్షరాల వరుసలు. ఇంటీజర్ క్లాసులోని పార్స్‌ఇంట్ మెథడ్‌తో ముందుగా వాటిని సంఖ్యలుగా మార్చుకోవాలి. 12 బదులు ‘పన్నెండు’ అని టైపు చేస్తే నంబర్‌ఫార్మాట్ ఎక్సెప్షన్ వస్తుంది. అసలేమీ ఇవ్వకపోతే అరే ఖాళీగా ఉంటుంది. అందులో సున్నా స్థానాన్ని అడగగానే అరేఇండెక్స్‌అవుట్‌ఆఫ్‌బౌండ్స్ ఎక్సెప్షన్‌తో ప్రోగ్రాము ఆగిపోతుంది. అందుకే ముందు అరే లెంగ్త్ చూసుకోవాలి.

ఆర్గ్యుమెంట్లను విడదీసేది ఖాళీ జాగా. ‘విజయవాడ జంక్షన్’ను ఒకే విలువగా పంపాలంటే చుట్టూ డబుల్ కోట్స్ ఉండాలి. లైనక్స్‌లో గుణకారానికి * గుర్తు పంపేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. లేకుంటే షెల్ ఆ గుర్తు స్థానంలో ఫోల్డరులోని ఫైళ్ల పేర్లు పెట్టి పంపుతుంది.

2025లో వచ్చిన జావా 25 నుంచి, ఆర్గ్యుమెంట్లు అక్కర్లేని ప్రోగ్రాముల్లో మెయిన్‌కు ఈ అరే రాయకపోయినా చెల్లుతుంది.