జీతం, ఆశయం, సంబంధం: తెలుగు సమాజంలో వరుడి ఎంపిక చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వరుడి సంపాదన పెళ్లి సంబంధాల్లో ప్రధాన ప్రమాణంగా మారిన చారిత్రక క్రమాన్ని వివరించగలుగుతారు.
• ఓలి, కన్యాశుల్కం, వరకట్నం అనే ఆచారాల మధ్య భేదాన్ని గుర్తించగలుగుతారు.
• ఆస్తి చట్టాలకూ భాగస్వామి ఎంపికకూ ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

"అబ్బాయి ఏం చేస్తున్నాడు?" పెళ్లి సంబంధం మాట రాగానే తెలుగు ఇళ్లలో వినిపించే మొదటి ప్రశ్న ఇది. తమకు తామే ఒకరినొకరు ఎంచుకున్న యువతీయువకులకు కూడా ఈ ప్రశ్న తప్పదు. కాకపోతే పెద్దలకు బదులు వాళ్లే వేసుకుంటారు. ఎదుటివారి జీతాన్ని, పైకి రావాలనే తపనను లెక్కలోకి తీసుకోవడం స్వార్థమా, ముందుచూపా అనే వాదన సాధారణంగా నీతి చర్చగా సాగుతుంది. చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు. ఈ ప్రమాణం ఎప్పటి నుంచి ఉంది? అది బలపడినప్పుడు ఇంట్లో ఆదాయం ఎవరి చేతిలో ఉంది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతికితే, వరుడి జీతానికి వచ్చిన ప్రాధాన్యం అనాదిగా ఉన్నది కాదనీ, స్త్రీకి సొంత ఆదాయం లేకపోవడంతో గట్టిగా ముడిపడి ఉన్నదనీ తెలుస్తుంది.

2. జీతానికి ముందు: భూమి, శ్రమ

నెలజీతం అనేది చాలా కుటుంబాలకు తెలియని కాలంలో సంబంధం చూసేటప్పుడు వంశం, బంధుత్వం, భూమి ముఖ్యం. మేనరికాలు ఎక్కువగా జరగడానికి ఒక కారణం కూడా ఇదే. ఆస్తి, మనుషులు తెలిసిన ఇళ్ల మధ్యనే ఉండేవి.

రెండు ఆచారాలను ప్రత్యేకంగా గమనించాలి. మొదటిది ఓలి. శ్రమ చేసి బతికే అనేక కులాల్లో పెళ్లికొడుకు తరఫువారు పెళ్లికూతురి తల్లిదండ్రులకు కొంత సొమ్ము ఇచ్చేవారు. పొలంలో, మగ్గం దగ్గర పనిచేసే ఆడపిల్ల వెళ్లిపోతే పుట్టింటికి ఒక సంపాదన తగ్గుతుంది. ఆ సంగతిని ఓలి పరోక్షంగా ఒప్పుకుంది. రెండవది ఇల్లరికం. మగసంతానం లేని రైతు కుటుంబాలు అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని, వ్యవసాయం అప్పగించి, ఆస్తిలో కొడుకుతో సమానంగా చూసేవి. రెడ్డి, కమ్మ కుటుంబాల్లోని ఈ ఆచారాన్ని మద్రాసు న్యాయస్థానాలు 'ఇల్లటం' పేరుతో గుర్తించాయి. ఇక్కడ అల్లుడికి ఆస్తి ఉందా లేదా అన్నది పెద్ద విషయం కాదు. పనిమంతుడా కాదా అన్నదే విషయం. 'ఆశయం' అన్న మాట వాడకపోయినా, ఆ కాలపు ఆశయం కష్టపడే గుణంలో కనిపించేది.

3. కన్యాశుల్కం చెప్పే లెక్క

ఓలినీ కన్యాశుల్కాన్నీ ఒకటిగా చూడకూడదు. బ్రాహ్మణ కుటుంబాల్లోని కన్యాశుల్కంలో ఆడపిల్ల శ్రమకు విలువ కట్టలేదు. రజస్వలకు ముందే పెళ్లి చేయాలన్న నియమం, వయసు మళ్లిన వరుల రెండో పెళ్లిళ్లు ఈ ఆచారాన్ని పోషించాయి. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలానికి ఇటువంటి పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. గురజాడ అప్పారావు తన 'కన్యాశుల్కం' తొలి కూర్పు (1897) పీఠికలో ఆ వివరాలు ఇచ్చారు. నమోదైన పెళ్లిళ్లు 1,034. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్ల వయసు అయిదేళ్లు. ముగ్గురి వయసు ఒక్క ఏడాది. ఆ ఏడాది పిల్లలకు ముట్టిన వెల 350 నుంచి 400 రూపాయలు.

1892లో తొలిసారి ప్రదర్శించిన ఆ నాటకంలో మన పాఠానికి పనికివచ్చే మరొక వివరం ఉంది. అగ్నిహోత్రావధానులు ఒక కూతుర్ని ముసలివాడికిచ్చి, ఆమె వితంతువై ఇంటికి వచ్చినా, రెండవ కూతుర్నీ అలాగే అమ్మడానికి సిద్ధపడతాడు. అదే ఇంటి కొడుకు వెంకటేశం విజయనగరంలో ఇంగ్లీషు చదువుతుంటాడు. ఒకే ఇంట్లో కూతురి పేర డబ్బు వస్తోంది, కొడుకు చదువుకు డబ్బు పోతోంది. రాబోయే తరంలో ఈ ప్రవాహం తిరగబడింది.

4. ఇంగ్లీషు చదువు, వరుడి వెల

ఈ మార్పుకు రెండు కారణాలు కలిశాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. డెల్టాలో పంట పెరిగి రైతుల చేతిలో నగదు ఆడింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. మెట్రిక్యులేషన్, ఎఫ్.ఏ., బి.ఏ., బి.ఎల్. అనే మెట్లు, వాటికి తగినట్టు గుమాస్తా, ప్లీడరు, మునసబు, డిప్యూటీ కలెక్టరు అనే కొలువులు వచ్చాయి. చదివిన కుర్రవాళ్లు కొద్దిమంది. అటువంటి అల్లుణ్ణి కోరే తండ్రులు ఎక్కువమంది.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గ్రహించాలి. బి.ఏ. చదువుతున్న విద్యార్థికి ఇంకా జీతం లేదు. అయినా కట్నం ఇచ్చేవారు. అంటే కట్నం అతని నేటి సంపాదనకు కాదు, రేపటి ఎదుగుదలకు కట్టిన వెల. అల్లుడి కాలేజీ ఖర్చు మామగారే పెట్టుకోవడం కూడా ఇందులో భాగమే. ఆశయానికి ఈ విధంగా బజారు ధర ఏర్పడింది. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం' నాటకం ఈ బేరాన్నే ఎండగట్టింది. 1939లో అది సినిమాగానూ వచ్చింది.

హైదరాబాద్ సంస్థానంలో దారి కొంత వేరు. అక్కడ సర్కారు కొలువుకు ఉర్దూ చదువు కావాలి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే బోధించింది. భాష మారినా, చదువు ద్వారా ఉద్యోగం, ఉద్యోగం ద్వారా హోదా అన్న వరస మారలేదు.

5. ఆ జీతం ఎవరిది?

ఉద్యోగస్థుడైన అల్లుడు దొరికినా అతని జీతం చట్టరీత్యా అతనిదేనా అన్నది చాలాకాలం తేలలేదు. ఉమ్మడి కుటుంబ ధనంతో ప్రత్యేక విద్య నేర్చినవాడి సంపాదన కూడా ఉమ్మడి ఆస్తే అన్నది అప్పటి న్యాయసూత్రం. దీన్ని మార్చేందుకు భాష్యం అయ్యంగార్ తెచ్చిన బిల్లును మద్రాసు శాసనమండలి ఆమోదించినా గవర్నరు సమ్మతించలేదు. 1921లో ప్రివీ కౌన్సిల్ ఒక ఐ.సి.ఎస్. అధికారి సంపాదనకు కూడా ఈ సూత్రాన్నే వర్తింపజేసింది. చివరకు 1930లో వచ్చిన హిందూ విద్యార్జిత ధన చట్టం, చదువుతో సంపాదించినది సంపాదించినవాడి సొంతమని తేల్చింది.

పెళ్లికూతురి తండ్రి కుటుంబం ఆస్తికంటే వ్యక్తి ఉద్యోగాన్ని చూడటం 1930కి ముందే మొదలైంది. చట్టం ఆ ధోరణికి బలం చేకూర్చిందని చెప్పవచ్చు. అయితే ఈ వాదనలన్నీ తండ్రికీ కొడుకుకూ, అన్నకూ తమ్ముడికీ మధ్య నడిచాయి. భార్య వాటా ప్రస్తావనకు రాలేదు. పుట్టింట్లో ఆమెకు దక్కేది 'పసుపు కుంకుమ' కింద ఇచ్చిన భూమి, స్త్రీధనం మాత్రమే. అదీ అందరికీ కాదు. అటువంటి స్థితిలో కూతురి భవిష్యత్తు కోసం వరుడి జీతం చూసిన తండ్రిని దురాశపరుడని తేల్చేయడం చరిత్రకు న్యాయం కాదు. ఆమెకు మిగిలిన భద్రత అదొక్కటే.

6. స్త్రీ చేతికి ఆస్తి, ఉద్యోగం

ఆంధ్రప్రదేశ్ 1958లో వరకట్న నిషేధ చట్టం చేసింది. 1961లో కేంద్ర చట్టం దాని స్థానంలో వచ్చింది. కట్నం ఆగలేదు. వేధింపులపై 1983లో 498-ఎ, వరకట్న మరణాలపై 1986లో 304-బి సెక్షన్లు శిక్షాస్మృతిలో చేర్చవలసి వచ్చింది.

నిషేధం కంటే లోతైన మార్పు మరోవైపు నుంచి వచ్చింది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కుమార్తెకు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదన్న పరిమితి గుర్తుంచుకోవాలి. దేశమంతటికీ ఇటువంటి హక్కు 2005లో వచ్చింది. రాష్ట్ర ఉద్యోగాల్లో స్త్రీలకు కల్పించిన 30 శాతం ప్రత్యేక అవకాశాన్ని సుప్రీంకోర్టు 1995లో సమర్థించింది. ఇక "అమ్మాయి ఏం చేస్తోంది?" అన్న ప్రశ్న కూడా సంబంధాల్లోకి వచ్చింది.

కానీ పాత అలవాటు కొత్త రూపంలో కొనసాగింది. 1990లో అమెరికా చేసిన వలస చట్టం తరువాత హెచ్-1బి వీసాపై వెళ్లిన ఇంజనీరు వరుడికి గిరాకీ పెరిగింది. అతని వెంట హెచ్-4 వీసాపై వెళ్లిన భార్య, తానూ ఇంజనీరే అయినా, అక్కడ ఉద్యోగం చేయడానికి వీలు లేదు. 2015లోగాని కొందరికైనా అనుమతి దొరకలేదు. వరుడి ఆదాయం ఒక్కటే చూసి కుదిర్చిన సంబంధం వధువు ఆదాయాన్నీ ఆశయాన్నీ ఎలా మింగగలదో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

7. ఆధారాల గురించి ఒక మాట

నాటకం సమాజాన్ని చూపిస్తుంది, కానీ పెంచి చూపించవచ్చు. న్యాయస్థానాల తీర్పులు ఎక్కువగా ఆస్తి ఉన్నవారి కథలే చెబుతాయి. ఓలి ఇచ్చిపుచ్చుకున్న కుటుంబాలు రాతపూర్వక సాక్ష్యాలు తక్కువగా మిగిల్చాయి. అందువల్ల ఒక వర్గపు అనుభవాన్ని తెలుగువారందరి అనుభవంగా చెప్పకూడదు.

8. సారాంశం

భాగస్వామి సంపాదన ముఖ్యమా అన్న ప్రశ్నకు ప్రతి కాలమూ తన ఆస్తి వ్యవస్థను బట్టి జవాబిచ్చింది. శ్రమకు విలువ ఉన్నచోట ఓలి వచ్చింది. ఉద్యోగం పురుషుడికే పరిమితమైనచోట కట్నం వచ్చింది. స్త్రీకి సొంత ఆదాయం ఏర్పడుతున్న కొద్దీ ఆ ప్రశ్న రెండు వైపులా వేయవలసినదిగా మారుతోంది. ఉద్యోగాలు చేస్తూ, ఇల్లు చూసుకుంటూ ఈ పాఠాలు చదువుతున్న మీలో చాలామందికి ఇది పుస్తకంలోని సంగతి మాత్రమే కాదు. ఎదుటివారి జీతమెంత అని అడగడంలో తప్పు లేదు. ఈ సంబంధంలో నా చదువుకు, నా పనికి చోటు ఎంత అని కూడా అడగాలి. ఆ రెండవ ప్రశ్న అడిగే అవకాశం మన ముందు తరాల స్త్రీలలో చాలామందికి దొరకలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఓలికీ కన్యాశుల్కానికీ గల భేదం ఏమిటి?
2. కట్నం 'రేపటి ఎదుగుదలకు కట్టిన వెల' అనడంలోని ఉద్దేశం వివరించండి.
3. 1930, 1985 నాటి చట్టాలు కుటుంబ ఆదాయంపై హక్కును ఎలా మార్చాయి?
4. మీ కుటుంబంలో మూడు తరాల పెళ్లిళ్లలో వరుణ్ణి, వధువును ఏయే ప్రమాణాలతో ఎంచుకున్నారో పెద్దలను అడిగి, ఒక పేజీకి మించకుండా రాయండి.