దుకాణం మూసిందెవరు?

ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన పని ఒకటి ఇప్పటికీ మర్చిపోలేదు. అమెరికాలో ఓ పెద్ద దుకాణాల గొలుసు మా క్లయింటు. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడా కంపెనీ లేదు. వాళ్ల బిల్లింగు సాఫ్ట్‌వేర్ బాగోగులు హైదరాబాదులో కూర్చుని మేం చూసేవాళ్లం. ఒకరోజు ఆన్‌సైట్ నుంచి ఓ ఎక్సెల్ షీటు వచ్చింది. అందులో 43 దుకాణాల నంబర్లు. "వీటి స్టేటస్ ఏ నుంచి సికి మార్చండి" అని రెండు ముక్కల మెయిలు. ఏ అంటే నడుస్తున్నది, సి అంటే మూసేసినది. ఒక్క లైను క్వెరీ రాసి కొట్టాను. 43 రోలు అప్‌డేట్ అయ్యాయని తెర మీద వచ్చింది. టీకి వెళ్లాను.

ఒక్కో దుకాణంలో ఎంతమంది పనిచేస్తున్నారో అదే డేటాబేసులో పక్క టేబుల్లో ఉంది. తిరిగొచ్చాక చూద్దామనుకుని కూడా చూడలేదు. చూసి చేసేదేముంది అని సర్దిచెప్పుకున్నాను.

ఎందుకు మూస్తున్నారని మా లీడుని అడిగితే "ఇంకెందుకు, అంతా ఆన్‌లైన్ దెబ్బ" అన్నాడు. నేనూ చాలా ఏళ్లు అదే నమ్మాను, పదిమందికీ అదే చెప్పాను. తర్వాత తీరిగ్గా చరిత్ర చదివితే ఆ జవాబు అబద్ధం కాదు గానీ, పావు వంతు నిజం అనిపించింది. మిగతా ముప్పావు ఏమిటో చెప్పాలంటే సియర్స్ కథ చెప్పాలి.

1886లో మినసోటా రాష్ట్రంలో రిచర్డ్ సియర్స్ అనే రైల్వే స్టేషన్ ఏజెంటు ఉండేవాడు. ఆ ఊరి నగల వ్యాపారి తనకొచ్చిన గడియారాల పార్శిలు నాకొద్దన్నాడు. సియర్స్ వాటిని తీసుకుని మిగతా స్టేషన్ల ఏజెంట్లకు అమ్మి లాభం చేసుకున్నాడు. గడియారాలు బాగుచేసే ఆల్వా రోబక్‌తో కలిశాక 1893కల్లా అది సియర్స్, రోబక్ అండ్ కంపెనీ అయింది. వాళ్ల సరుకు నిజానికి ఒక పుస్తకం, కేటలాగు. అప్పట్లో పల్లెటూరి రైతుకి ఊళ్లో ఉన్న ఒక్క కొట్టే గతి. ధర కొట్టువాడు చెప్పిందే, ఖాతా వాడు రాసిందే. కేటలాగులో మాత్రం ప్రతి వస్తువుకీ బొమ్మ పక్కనే ధర అచ్చేసి ఉండేది. 1896లో పల్లెలకు ఇంటింటికీ తపాలా మొదలైంది, 1913లో పార్శిల్ పోస్ట్ వచ్చింది. ఇక సియర్స్‌కి పట్టపగ్గాల్లేవు. 1908 నుంచి 1940 దాకా ఇళ్లు కూడా అమ్మారు, నిజంగానే. చెక్కలూ మేకులూ లెక్కకట్టి రైల్లో పంపితే కొన్నవాడు బిగించుకోవడమే.

అంటే వందేళ్ల కిందట సియర్సే అమెజాన్. ఊళ్లో కొట్లవాళ్లు దాన్ని తిట్టుకున్న తిట్లు కూడా ఇప్పటివే.

1924లో రాబర్ట్ వుడ్ అనే మాజీ సైన్యాధికారి ఈ కంపెనీలోకొచ్చాడు. రైతులు కార్లు కొంటున్నారు, పట్నానికి వస్తున్నారు, ఇక కేటలాగు ఒక్కటే చాలదని కనిపెట్టాడు. 1925లో షికాగోలో మొదటి దుకాణం తెరిచారు. 1931కల్లా దుకాణాల అమ్మకాలు కేటలాగు అమ్మకాల్ని దాటేశాయి. తొంభై ఏళ్ల తర్వాత, 2015లో అమెజాన్ సియాటిల్‌లో పుస్తకాల కొట్టు తెరిచినప్పుడు నాకు ఈ 1925 గుర్తొచ్చి నవ్వొచ్చింది. అమెజాన్‌కి అది అచ్చిరాలేదు, 2022లో పుస్తకాల కొట్లన్నీ మూసేసింది. అదే అమెజాన్ 2017లో హోల్ ఫుడ్స్ కిరాణా దుకాణాల్ని 1,370 కోట్ల డాలర్లు పోసి కొంది. దుకాణం అనేది చచ్చిన గుర్రమైతే అంత డబ్బు ఎవరు పెడతారు?

సరే, మళ్లీ కథలోకి. 1954లో అమెరికా పన్నుల చట్టం మారింది. కొత్తగా కట్టిన వ్యాపార భవనాల తరుగుదలని మొదటి ఏళ్లలోనే ఎక్కువగా చూపించి పన్ను మిగుల్చుకోవచ్చు అన్నారు. దాంతో ఊరికి అవసరమా కాదా అన్నది పక్కకుపోయి, కడితే పన్ను మిగులుతుందని షాపింగ్ సెంటర్లు కట్టినవాళ్లు బయల్దేరారు. 1956లో మినసోటాలోనే సౌత్‌డేల్ అనే మాల్ తెరిచారు, పైకప్పు వేసి లోపలంతా చల్లబరిచిన మాల్స్‌కి అదే నమూనా. తర్వాత దేశమంతా అవే. తలకి ఇన్ని చదరపు అడుగుల దుకాణం చొప్పున లెక్కేస్తే పెద్ద దేశాల్లో అమెరికాదే పైచేయి. ఇంటర్నెట్ పుట్టకముందే అక్కడ దుకాణాలు అవసరానికి మించి ఉన్నాయి.

1962లో వాల్‌మార్ట్, కేమార్ట్, టార్గెట్ మూడూ ఒకే ఏడాది పుట్టాయి. సియర్స్ వీటిని పెద్దగా లెక్కచేసినట్టు లేదు. 1973లో షికాగోలో 110 అంతస్తుల మేడ కట్టుకుంది, అప్పటికి ప్రపంచంలోకెల్లా ఎత్తైంది. 1990ల మొదటికి వాల్‌మార్ట్ అమ్మకాల్లో దాటిపోయింది. 1993 జనవరిలో సియర్స్ ఒకేసారి మూడు ప్రకటనలు చేసింది: 113 దుకాణాలు మూత, 50,000 ఉద్యోగాలు కోత, పెద్ద కేటలాగు బంద్.

ఆ మరుసటి ఏడాది, 1994లో, జెఫ్ బెజోస్ అమెజాన్ మొదలుపెట్టాడు!

అప్పటికి సియర్స్ చేతిలో ఏమేం ఉన్నాయో చూడండి. ఇంటికి సరుకు పంపడంలో వందేళ్ల అనుభవం, గోదాములు, కోట్లమంది చిరునామాలు. డిస్కవర్ కార్డు 1985లో వాళ్లు పెట్టిందే. ఐబీఎంతో కలిసి 1988లో ప్రాడిజీ అనే ఆన్‌లైన్ సర్వీసు కూడా మొదలెట్టారు. ముక్కలన్నీ ఉన్నాయి, కలిపి కుట్టినవాడు లేడు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కేటలాగు అప్పటికి నష్టాల్లో ఉంది. ఆ మీటింగులో నేనుంటే నేనూ మూసేయమనే చెయ్యెత్తేవాణ్ణి.

అసలు దెబ్బ తర్వాతది. 2005లో ఎడ్డీ లాంపర్ట్ అనే ఫండ్ యజమాని, దివాలా నుంచి బయటపడ్డ కేమార్ట్‌ని సియర్స్‌తో కలిపేశాడు. రెండూ కలిపి దాదాపు 3,500 దుకాణాలు. వాటికి రంగులు వేయించాలి, పాడైన ఎస్కలేటర్లు బాగు చేయించాలి, వెబ్‌సైటు కట్టాలి. ఆ తర్వాతి ఏళ్లలో కంపెనీ సొంత షేర్లు వెనక్కి కొనడానికే దాదాపు 600 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. 2008లో కంపెనీని ముప్ఫైకి పైగా విభాగాలుగా చీల్చి ఒకదానితో ఒకటి పోటీ పడమన్నారు. పెద్ద కంపెనీల్లో పనిచేసిన సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది ఎలా ముగుస్తుందో చెప్పక్కర్లేదు. 2015లో 235 దుకాణాల స్థలాల్ని 270 కోట్ల డాలర్లకు సెరిటేజ్ అనే కంపెనీకి అమ్మి, అవే దుకాణాలకి అద్దె కట్టడం మొదలుపెట్టారు. ఆ సెరిటేజ్ ఛైర్మన్ కూడా లాంపర్టే! సొంతిల్లు అమ్మేసి అదే ఇంట్లో అద్దెకి దిగినవాణ్ణి మన ఊళ్లో ఏమంటారో మీకు తెలుసు. 2018 అక్టోబరులో దివాలా. ఇప్పుడు మిగిలిన సియర్స్ దుకాణాలు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు ఎక్కువే.

సియర్స్ ఒక్కటే అయితే ఒకడి తప్పు అనుకోవచ్చు. టాయ్స్ ఆర్ అస్ చూడండి. 2005లో మూడు పెట్టుబడి సంస్థలు దాన్ని 660 కోట్ల డాలర్లకు కొన్నాయి. అందులో చాలా మటుకు అప్పు, ఆ అప్పు రాసింది బొమ్మల కంపెనీ పేరు మీదే. ఏడాదికి 40 కోట్ల డాలర్లు వడ్డీకే పోయేవి. 2017లో దివాలా, 2018లో అమెరికాలో అన్నీ మూత, ముప్ఫై వేలకి పైగా ఉద్యోగాలు గాలికి. సర్క్యూట్ సిటీ 2007లో జీతం ఎక్కువని 3,400 మందిని, అంటే సరుకు గురించి బాగా తెలిసినవాళ్లని, తీసేసింది. 2009లో మూతపడింది. ఆ ఏడాది అమెరికా చిల్లర వ్యాపారంలో ఆన్‌లైన్ వాటా నాలుగు శాతం దగ్గర ఉంది, అంతే. ఎలక్ట్రానిక్స్, పుస్తకాల్లో అంతకన్నా ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ బోర్డర్స్ అనే పుస్తకాల గొలుసు 2001లో తన ఆన్‌లైన్ అమ్మకాల్ని ఎవరికి అప్పజెప్పిందో తెలుసా? అమెజాన్‌కే! పిల్లిని పాలకి కాపలా పెట్టడం ఇదే. 2011లో బోర్డర్స్ మూతపడింది.

మన దగ్గరా ఉదాహరణ ఉంది. చెన్నైలో 1997లో పుట్టిన సుభిక్ష హైదరాబాదులో కూడా కనబడేది. దేశం మొత్తమ్మీద 1,600 దాకా దుకాణాలు తెరిచి, చేతిలో డబ్బులైపోయి 2009లో ఒక్కసారిగా మూతపడింది. అప్పుడు మనలో ఎవరం కందిపప్పు ఆన్‌లైన్‌లో కొన్నాం?

అటు చూస్తే, బెస్ట్ బై పని కూడా అయిపోయిందని 2012లో అందరూ అన్నారు. కొత్త సీఈఓ ఉబేర్ జోలీ వచ్చి ఆన్‌లైన్ ధరకే ఇస్తామన్నాడు, దుకాణాల నుంచే పార్శిళ్లు పంపించాడు. నిలబడింది. పోటీ ఒకటే, తుఫాను ఒకటే. అప్పుల్లో మునగని ఇల్లు కప్పు పెంకులు పోగొట్టుకుని నిలిచింది, పునాది అమ్ముకున్న ఇల్లు కూలింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తప్పెవరిదో తేలితే డబ్బు ఎవరు కట్టాలో కూడా తేలుతుంది. "ఇంటర్నెట్ వచ్చింది, దుకాణాలు పోయాయి" అంటే అది వానా వరదా లాంటిదైపోతుంది. వరద మీద ఎవరు కేసు వేస్తారు? టాయ్స్ ఆర్ అస్ మూసినప్పుడు ఏళ్లతరబడి పనిచేసినవాళ్లకి పరిహారం లేదు పొమ్మన్నారు. వాళ్లు మాత్రం ఇది వరద కాదు, అప్పు అన్నారు. ఆ అప్పు చేసినవాళ్ల ఆఫీసుల ముందుకెళ్లి అడిగారు. 2018 నవంబరులో మూడు సంస్థల్లో రెండు, కేకేఆర్, బెయిన్, కలిసి రెండు కోట్ల డాలర్ల నిధి పెట్టాయి. తలకి పంచితే పెద్ద మొత్తమేం కాదు. కానీ వరద అనుకుని ఊరుకుని ఉంటే అదీ వచ్చేది కాదు.

నా 43 రోల విషయానికొస్తే, ఆ టేబుల్లో స్టేటస్ కాలమ్ పక్కనే కారణం రాయడానికి ఇంకో కాలమ్ ఉండేది. దాన్ని నింపమని మాకెవరూ చెప్పలేదు. ఖాళీగానే వదిలేశాం. ఇప్పుడు నింపమంటే మాత్రం 'ఆన్‌లైన్' అని ఒక్క ముక్కలో రాసెయ్యను.