కుంకుడు పులుసు నుండి సెలూన్ సీసా వరకు: కేశసంరక్షణలో ఎంపిక చరిత్ర

నేటి మహానగరాలలోని పెద్ద సెలూన్లలో అద్దాల బీరువాల నిండా సీసాలు బారులు తీరి కనిపిస్తాయి. ఒకటి పొడిజుట్టుకు, ఒకటి జిడ్డుజుట్టుకు, ఒకటి ఉంగరాల జుట్టుకు, మరొకటి రంగు వేసిన జుట్టుకు అని వాటిపై రాసి ఉంటుంది. వెలలు వందల నుండి వేల రూపాయల వరకు పలుకుతాయి. జుట్టును ఈ విధంగా తరగతులుగా విభజించి, తరగతికొక ద్రవ్యాన్ని నిర్ణయించటం ఆధునిక వాణిజ్యం కనిపెట్టిన పద్ధతి అని చాలామంది భావిస్తారు. చరిత్ర ఈ భావనను సమర్థించదు. ఎవరి జుట్టుకు ఏది తగును అనే ప్రశ్నకు ఈ ఉపఖండంలో వెయ్యేళ్లకు మించిన వయస్సు ఉన్నది. ప్రశ్న నాటిదే, దానికి జవాబు చెప్పే అధికారం మాత్రం చేతులు మారింది. ఒకప్పుడు ఆ అధికారం వైద్యునికి, మంగలికి, అందరికంటె మిన్నగా ఇంటి స్త్రీలకు ఉండేది. నేడది చాలావరకు సీసాపై అతికించిన చీటీకి దక్కింది. ఈ మార్పు ఎట్లా జరిగిందో తెలుసుకొంటే, నేటి కొనుగోలుదారు ఎంపికకు కూడ ఒక ఆధారం దొరుకుతుంది.

శాస్త్రగ్రంథాలలో కేశభేదం

7వ శతాబ్ది ప్రాంతానికి చెందిన వాగ్భటుని అష్టాంగహృదయం మానవప్రకృతులను వివరించే సందర్భంలో వెంట్రుకల స్వభావాన్ని కూడ లక్షణంగా స్వీకరించింది. వాతప్రకృతి గలవారి వెంట్రుకలు చిట్లి ధూసరవర్ణంతో ఉంటాయనీ, పిత్తప్రకృతి గలవారివి పింగళవర్ణంతో ఉంటాయనీ, కఫప్రకృతి గలవారివి దట్టంగా నల్లగా ఉంటాయనీ ఆ గ్రంథం చెబుతుంది. అనగా జుట్టును శరీరం నుండి వేరుచేసి చూడక, మొత్తం మనిషికి సూచికగా గ్రహించటం ఆ వైద్యుల దృష్టి. అదే గ్రంథం నిత్యాభ్యంగనాన్ని విధించి, తలకు, చెవులకు, పాదాలకు విశేషంగా చమురు పట్టించాలని సూచించింది. వేడినీటి స్నానం మెడకు దిగువన బలాన్నిస్తుందనీ, అదే నీరు తలపై పోసుకొంటే జుట్టుకు, కన్నులకు చేటు అనీ హెచ్చరించింది.

6వ శతాబ్దిలో వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితలోని గంధయుక్తి అధ్యాయం మరొక కోణాన్ని చూపుతుంది. తల నెరిసినవానికి పూలమాలలు, పరిమళాలు, వస్త్రాభరణాలు శోభనివ్వవు అన్న ప్రస్తావనతో అది మొదలవుతుంది. ఇనుపచూర్ణంతోను, పుల్లని ద్రవంతోను కేశరంజనం తయారుచేసే విధానాన్ని చెప్పి, ఆపై తలకు అంటిన లోహపు వాసనను, పులుపు వాసనను పోగొట్టే పరిమళ ద్రవ్యాలను విధించింది. రంగు వేసిన జుట్టుకు ప్రత్యేక సంరక్షణ కావాలనే ఆలోచన నేటి సెలూన్లది మాత్రమే కాదని దీనివలన స్పష్టమవుతుంది. అయితే ఈ ఉపచారాలు రాజాంతఃపురాలకు, సంపన్న నాగరికులకు ఉద్దేశించినవి. సామాన్యుల ఇండ్లలో కేశసంరక్షణ వేరొక మార్గాన నడిచింది.

ఇంటి ఎరుక

ఆ మార్గానికి దిక్కు చూపినవి పరిసరాలలో పండే కాయలు, గింజలు, ఆకులు. తెలుగునాట కుంకుడుకాయ, శీకాయ. కేరళలో కొబ్బరినూనె, మందార ఆకులు నూరి చేసే తాళి. తమిళనాట దీపావళి వేకువన నువ్వులనూనె. పంజాబు, బెంగాలులలో ఆవనూనె. వాయవ్య ప్రాంతాలలో ముల్తానీ మట్టి. తెలంగాణ మెట్టనేలల్లో ఆముదం. కుంకుడును సంస్కృతంలో ఫేనిలమన్నారు. నురుగు గలది అని దాని అర్థం. ఆ నురుగుకు కారణం కాయలోని సాపోనిన్లని రసాయనశాస్త్రం చెబుతుంది. సాపోనిన్ అణువులో ఒక కొస నీటినీ, మరొక కొస జిడ్డునూ అంటిపెట్టుకొంటుంది. ఆధునిక షాంపూలోని మాలిన్యహారి పదార్థం పనిచేసే తీరు కూడ ఇదే. కుంకుడు పులుసు స్వల్పంగా ఆమ్లగుణం కలిగి ఉండటం జుట్టుకు మేలు చేసే మరొక విశేషం.

ద్రవ్యం ఒక్కటే అయినా వాడకంలో తారతమ్యం ఉండేది. ఉగాదికి, దీపావళికి తలంట్లు పోసే పెద్దమ్మలు, నాయనమ్మలు పిల్లల తలను చేత్తో తడిమి చూసి, చమురు ఎంత మర్దించాలో, పులుసు ఎంత చిక్కగా తీయాలో నిర్ణయించేవారు. కుంకుడు చిక్కనైతే జిడ్డు వదులుతుంది కాని జుట్టు గరుకెక్కుతుంది. అట్టి జుట్టుకు మెంతులు నానబెట్టిన ముద్ద, మందార ఆకుల జిగురు పట్టించేవారు. ఈ రెండింటిలోను ఉండే జిగట పదార్థం వెంట్రుకపై పలుచని పూతగా నిలిచి చిక్కులు పడకుండా కాపాడుతుంది. నేటి కండిషనర్ చేసే పని ఇంచుమించు ఇదే. పులుసు కంట్లో పడి పిల్లవాడు ఏడ్చినప్పుడు నోట్లో ఉప్పుకల్లు వేసి ఊరడించటమూ ఆ తలంటులో భాగమే.

ఈ ఎరుకను మితిమీరి కీర్తించవలసిన పని లేదు. కుంకుడు కళ్ళను మండించేది. తలకు నిత్యం చమురు పెట్టుకోగల స్తోమత అన్ని ఇండ్లకూ ఉండేది కాదు. తలమర్దనలో నేర్పరులైన మంగలి వృత్తివారికి సమాజం ఇచ్చిన స్థానం వారి నైపుణ్యానికి తగినది కాదు. ఈ పరిజ్ఞానంలో అధికభాగం గ్రంథస్థం కాకపోవడానికి, అది స్త్రీల చేతుల్లోను, వృత్తికులాల చేతుల్లోను ఉండటమే ముఖ్యకారణం.

ఒక మాట సముద్రం దాటిన కథ

అట్టి చేతిపని ఒకటి ప్రపంచమంతటికీ ఒక మాటను ఇచ్చింది. ఒత్తు, పిసుకు అనే అర్థంలోని హిందీ క్రియ చాంప్నా నుండి ఆంగ్లంలోని షాంపూ పుట్టింది. 18వ శతాబ్దిలో ఆ మాట ఆంగ్ల రచనలలోకి ప్రవేశించినప్పుడు దాని అర్థం మర్దన మాత్రమే. దానిని ఇంగ్లండులో ప్రసిద్ధం చేసినవాడు 1759లో పాట్నాలో జన్మించిన దీన్ మహమ్మద్. 1794లో ఐర్లండులోని కార్క్ నగరంలో ఆయన ప్రకటించిన యాత్రాగ్రంథం ఒక భారతీయుడు ఆంగ్లంలో వెలువరించిన మొదటి పుస్తకంగా ప్రఖ్యాతి పొందింది. 1810లో లండనులో భోజనశాల నడిపి నష్టపోయిన తరువాత, బ్రైటన్ చేరి సముద్రతీరాన ఆవిరిస్నానాల గృహం నెలకొల్పాడు. మూలికల ఆవిరితోను, మర్దనతోను సాగిన ఆ చికిత్సపై 1822లో ఒక గ్రంథం ప్రకటించాడు. నాల్గవ జార్జి, నాల్గవ విలియం రాజుల ఆదరణ పొంది 1851లో మరణించాడు. అనంతరం కొద్దికాలానికే ఆంగ్లంలో షాంపూ అంటే తల రుద్ది కడగటమనీ, క్రమంగా కడిగే ద్రవమనీ అర్థం మారింది. చేతిపనికి పేరైన మాట సరుకుకు పేరయింది. తరువాతి శతాబ్దపు కేశసంరక్షణ చరిత్ర కూడ ఈ దిశలోనే సాగింది.

సరుకు, ప్రకటన, సాహిత్యం

ఆ సరుకు యుగానికి యూరపులో 1903 ఒక మైలురాయి. ఆ ఏట బెర్లినులో హన్స్ ష్వార్జ్‌కాఫ్ నీటిలో కలుపుకొనే షాంపూ పొడిని విక్రయించాడు. అంతవరకు అక్కడివారు తలకు వాడిన సబ్బు క్షారగుణం గలది. కఠినజలంతో కలిసి తెల్లని తెట్టెగా జుట్టుకు పట్టేది. 1930వ దశకంలో అమెరికాలో కృత్రిమ మాలిన్యహారి పదార్థాలతో షాంపూలు వెలువడ్డాక ఈ చిక్కు తీరింది. కాని అవి మురికితో పాటు సహజమైన జిడ్డును సైతం కడిగివేసేవి. పోయిన మృదుత్వాన్ని తిరిగి ఇవ్వటానికి కండిషనర్లు అవసరమయ్యాయి. ఒక సీసా కలిగించిన లోటును పూరించటానికి రెండవ సీసా వచ్చిన క్రమం ఇది.

భారతదేశంలో కేశతైలం మరొక చరిత్రను సృష్టించింది. కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ తయారుచేసిన కుంతలీన్ తైలం పేరిట 1896లో కథల పోటీ ఆరంభమయింది. ప్రకటనలా తోచకుండా కథలో ఆ తైలం ప్రస్తావన రావాలన్నది నియమం. తొలి బహుమతి పొందిన కథ శాస్త్రవేత్త జగదీశచంద్ర బోస్ రచన. నడిసముద్రంలో ఒక సీసా కేశతైలం ఒలకపోయగా తుఫాను శాంతించిన వైనం అందులోని ఇతివృత్తం. 1903లో శరత్‌చంద్ర చటోపాధ్యాయ రాసిన మందిర్ కథ, బంధువు పేరిట పంపినది, ఈ బహుమతినే అందుకొన్నది. బెంగాలీ విజ్ఞానకల్పనా సాహిత్యపు ఆరంభదశకు ఒక తలనూనె నిమిత్తమాత్రమయింది. విదేశీ సరుకుకు దీటుగా స్వదేశీ పరిశ్రమ నిలదొక్కుకొంటున్న రోజులవి.

అదే కాలంలో అమెరికాలో బానిసత్వం నుండి విముక్తి పొందిన తల్లిదండ్రులకు 1867లో జన్మించిన సారా బ్రీడ్‌లవ్, మేడమ్ సి. జె. వాకర్ పేరుతో నల్లజాతి స్త్రీల జుట్టుకు, మాడుకు తగిన ద్రవ్యాలను తయారుచేసి పెద్ద వ్యాపారం నిర్మించింది. తెల్లవారి జుట్టునే ప్రమాణంగా పెట్టుకొన్న మార్కెట్టు తమను లెక్కచేయనప్పుడు, తమ జుట్టుకు తగిన ద్రవ్యాన్ని కోరటం ఆ స్త్రీలకు గౌరవానికి సంబంధించిన విషయం. భారతీయ విపణి కూడ చిరకాలం పొడవైన, నల్లని, తిన్నని జడనే ఆదర్శంగా ప్రకటించింది. ఉంగరాల జుట్టు గలవారికి తమ సహజలక్షణమే దోషమని నచ్చజెప్పి, సరిచేసే మందులు అమ్మింది.

సెలూన్లకే ప్రత్యేకించిన ఖరీదైన శ్రేణులు 1960వ దశకంలో బలపడ్డాయి. ఫ్రాన్సులో 1964లో మొదలైన కెరాస్తాస్ వాటిలో ఒకటి. భారతదేశంలో ఇందుకు విరుద్ధమైన విప్లవం జరిగింది. తమిళనాడులోని కడలూరులో చిన్నికృష్ణన్ చిన్న పొట్లాలలో సరుకు అమ్మే ఆలోచనకు ఆద్యుడు. ఆయన కుమారులు ఆ ఆలోచనను షాంపూకు అన్వయించారు, వారిలో సి. కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయల పెట్టుబడితో సొంత సంస్థ స్థాపించాడు. రూపాయికి, అర్ధరూపాయికి దొరికే పొట్లం ద్వారా షాంపూ పల్లెకు చేరింది. 1991 ఆర్థిక సరళీకరణ తరువాత విదేశీ సెలూన్ శ్రేణులు నగరాలకు వచ్చాయి. ఈ రెండు ప్రవాహాల నడుమ కుంకుడుకాయ పెరటి నుండి తొలగింది. తల తడిమి చూసే చేయి కూడ దానితోనే తొలగింది.

నేటి ఎంపికకు ఆధారం

వెంట్రుక రకాన్ని నిర్ణయించేది చర్మంలోని కుదురు ఆకృతి. కుదురు తిన్ననైతే జుట్టు తిన్నగాను, వంపు తిరిగితే ఉంగరాలుగాను పెరుగుతుంది. మాడు నుండి ఊరే జిడ్డు తిన్నని వెంట్రుక వెంట సులువుగా జారుతుంది; ఉంగరాల వెంట సాగలేదు. అందువలన తిన్నని జుట్టు త్వరగా జిడ్డెక్కుతుంది, ఉంగరాల జుట్టు కొసలు పొడిబారుతాయి. జాతుల పేర్లతో జుట్టును వర్గీకరించే పాత పద్ధతికి బదులు, వంపును కొలిచి ఎనిమిది రకాలుగా విభజించే పద్ధతి 2007లో ప్రకటితమయింది.

దీని ఫలితార్థం సరళమైనది. షాంపూను మాడు స్వభావాన్ని బట్టి, కండిషనర్‌ను వెంట్రుక స్వభావాన్ని బట్టి ఎన్నుకోవాలి. మాడు జిడ్డుగాను కొసలు పొడిగాను ఉన్నవారికి ఒకే తరగతి పేరు గల రెండు సీసాలు పనికిరావు. సన్నని జుట్టుకు బరువైన నూనెలు, సిలికోన్లు తగవు. అవి జుట్టును అణచివేస్తాయి. ఉంగరాల జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు మృదువైన మాలిన్యహారి, చిక్కని కండిషనర్ అవసరం. బోరునీటి కాఠిన్యం ఎక్కువగా ఉన్న దక్కను పట్టణాలలో, నీటిలోని లవణాలను పట్టి ఉంచే పదార్థం గల షాంపూ మేలు. సీసాపై పదార్థాల జాబితాలో పరిమాణం ఎక్కువైనది ముందు వస్తుంది. ముందువైపు పెద్ద అక్షరాలతో ప్రకటించిన మూలిక జాబితా చివరన కనిపిస్తే అది ఎంత ఉన్నదో ఊహించవచ్చు. అధికమైన వెలలో కొంత నాణ్యమైన పూతద్రవ్యానికి, కొంత పరిమళానికి, కొంత పేరుకు చెందుతుంది. జుట్టును తిన్నగా చేస్తామనే కొన్ని చికిత్సలలో ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. దానిని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మానవులకు కాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. సెలూను ఖరీదైనది కావటం ఈ విషయంలో రక్షణ కాదు.

ఇంటి ఎరుకలో కొంత భాగాన్ని ప్రయోగశాల సైతం ధ్రువపరచింది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగినప్పుడు జరిగే మాంసకృత్తుల నష్టాన్ని తగ్గిస్తుందనీ, పొద్దుతిరుగుడు నూనెకు, ఖనిజతైలానికి ఈ గుణం లేదనీ 2003లో భారతీయ పరిశోధకులు ప్రకటించారు. తలంటుకు ముందు చమురు పెట్టే ఆచారానికి ఈ ఫలితంలో ఒక కారణం దొరుకుతుంది. ఇట్లా పరీక్షకు నోచుకోవలసిన ఆచారాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఏ జుట్టుకు పులుసు ఎంత పలుచన, ఏ ఋతువులో ఏ చమురు అనే వివరాలు తెలిసిన తరం వృద్ధాప్యంలో ఉన్నది. జానపద విజ్ఞానాన్ని సేకరించే విశ్వవిద్యాలయాలు, సంస్కృతిశాఖలు పాటలతో, కథలతో పాటు ఈ వివరాలను కూడ నమోదు చేయటం అవసరం. అప్పుడు సీసా కొనేవారు చీటీని చదవటమే కాక, దానిని ప్రశ్నించగలుగుతారు.