సింకు గొట్టంతో లైట్‌సేబర్

ముందు మాస్కు పెట్టుకోండి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం, పైన రేకుల గది. ఉక్కకు మాస్కు కూడా తోడంటే చిరాకే. కానీ బల్ల మీద క్రోమ్ పూత అరుగుతోంది. ఆ పొడి పీల్చకూడదు. వాటర్ పేపర్‌ని నీళ్లలో ముంచి మరీ రుద్దుతున్నది అందుకే.

రుద్దుతున్న పిల్ల ఎనిమిదో తరగతి. చేతిలో జానెడు పైచిలుకు గొట్టం. వాష్‌బేసిన్ కింద బాటిల్ ట్రాప్ నుంచి గోడలోకి పోయే గొట్టమే, 32 మిల్లీమీటర్లది. లోపల ఇత్తడి, పైన క్రోమ్. పొద్దున్నే వన్‌టౌన్ శానిటరీ షాపులో కొన్నారు. సాయంత్రానికి ఇది 'స్టార్ వార్స్' సినిమాలో లూక్ స్కైవాకర్ పట్టే వెలుగు కత్తికి, అంటే లైట్‌సేబర్‌కి, పిడి అవ్వాలి.

"మామయ్యా, సినిమాలో కూడా సింకు పైపేనా?"

"కాదమ్మా. కెమెరా ఫ్లాష్ పిడి."

ఫోన్‌లో బొమ్మ చూపిస్తాడు. అమెరికాలో పాతకాలపు పత్రికా ఫొటోగ్రాఫర్లు కెమెరా పక్కన తగిలించుకున్న గ్రాఫ్లెక్స్ ఫ్లాష్. లోపల మూడు లావు బ్యాటరీలు పడతాయి. మందం దాదాపు 38 మిల్లీమీటర్లు, కాబట్టి మన గొట్టం కాస్త సన్నమే. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్'కు సెట్ డెకొరేటర్ రోజర్ క్రిస్టియన్. కత్తి పిడి కోసం వెతుకుతూ లండన్‌లో ఒక ఫొటో సామాను షాపుకు వెళ్తే, పాత సరుకులో ఇది కనపడింది. దానికి నల్లటి పట్టీలు అంటించాడు, క్యాలిక్యులేటర్‌లోంచి తీసిన బుడగల పట్టీ దూర్చాడు, నడుముకు వేలాడదీయడానికి అడుగున రింగు పెట్టాడు. అంతే, కత్తి తయారు.

"మరి వెలుగో?"

"అది తర్వాత ఫ్రేము ఫ్రేముకీ గీసి కలిపారు. ఆ నీలం గీత మనకొద్దు. మన పని పిడి వరకే."

లూక్ గురువు ఓబీ-వాన్ కత్తి పిడి కథ ఇంకా బాగుంటుంది. అందులో జెట్ ఇంజిన్ గొట్టం ముక్క ఉంది, రైఫిల్ గ్రెనేడ్ భాగం ఉంది, కుళాయి తిప్పే పిడీ ఉంది. పిల్ల పకపకా నవ్వుతుంది. శానిటరీ షాపుకు వెళ్లడం తప్పేం కాదన్నమాట!

ఇప్పుడు పట్టీలు. ఆటోనగర్‌లో అడిగి తెచ్చిన పాత కారు వైపర్ రబ్బర్లు బల్ల మీదున్నాయి. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లిష్ అక్షరం 'టీ' ఆకారం. అసలు పట్టీలదీ అలాంటి కోతే. స్కేలు పెట్టి బ్లేడుతో సమానంగా కోస్తాడు. గొట్టం చుట్టూ కాగితం చుట్టి, విప్పి, దాన్ని సమ భాగాలుగా మడిచి, ఆ మడతల దగ్గర పెన్సిల్ గీతలు పెడతాడు. ఒక్క పట్టీ పక్కకు జరిగినా చూసేవాళ్ల కన్ను అక్కడే పడుతుంది.

బుడగల పట్టీకి నిన్ననే మందుల డబ్బా వెతికారు. ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్, పారదర్శకమైన ప్లాస్టిక్‌ది. గుంటల లోపల కాస్త నూనె పూసి, అరల్డైట్ రెండు ట్యూబుల జిగురూ కలిపి వాటిలో పోశారు. నిన్న రాత్రి గట్టిపడింది. స్ట్రిప్‌ని వెనక్కి వంచితే టప్‌మని ఒక్కొక్కటే ఊడి అరచేతిలో పడుతున్నాయి. గాజుపూసను సగానికి కోసినట్టు ఒక పక్క గుండ్రం, ఒక పక్క చదును. దాన్ని ఫోన్ తెర మీద పెట్టండి, కింది అక్షరం ఉబ్బి కనిపిస్తుంది. క్యాలిక్యులేటర్‌లో ఆ బుడగల పనీ ఇదే, చిన్న అంకెల్ని పెద్దవి చేసి చూపడం.

హోస్ క్లిప్పు బిగించారు, ఎర్ర బటన్ అంటించారు, రింగు తగిలించారు. చేతిలోకి తీసుకోండి. బరువుగా బాగానే ఉంది. కానీ నమ్మబుద్ధి కావడం లేదు. రుద్దిన మేరా గొట్టమంతా ఒకేలా మసకబారింది, షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టే ఉంది. ఆ సినిమా నక్షత్రలోకంలో ఏ వస్తువూ కొత్తగా ఉండదు. ఓడలు మసిబారి ఉంటాయి, రోబోలు సొట్టలు పడి ఉంటాయి. చెత్త సామానుతో కట్టిన ఆ లోకానికే 1978లో కళాదర్శకత్వం ఆస్కార్ వచ్చింది. అందుకున్నవాళ్లలో క్రిస్టియన్ కూడా ఒకడు. ఇంట్లో నకలు చేసేవాళ్లకు అతికించడం తేలిక. పాతబడేలా చేయడమే అసలు విద్య.

పిల్ల మళ్లీ వాటర్ పేపర్ అందుకుంది. "ఎక్కడ రుద్దను మామయ్యా?"

"నన్నడిగితే నాకేం తెలుసు? కత్తి నీది. కాసేపు కట్టుకుని తిరుగు."

రింగుకు తాడు కట్టి బెల్టుకు వేలాడదీసుకుంది. మెట్లు దిగింది, ఎక్కింది, కూర్చుంది, లేచింది. సర్రున లాగి చూసింది, మళ్లీ తగిలించుకుంది. వచ్చి పెన్సిల్‌తో మూడు చోట్ల సున్నాలు చుట్టింది: తొడకు తగిలే అంచు, బొటనవేలు పడే చోటు, కూర్చున్నప్పుడు కుర్చీకి కొట్టుకునే అడుగు భాగం.

ఇక రుద్దవలసింది ఆ సున్నాల్లోనే. మొదటిదాంట్లో అప్పుడే క్రోమ్ పోయి, కింద ఇత్తడి పసుపు తేలుతోంది.