కాస్తు కాలం

ఆఫీసులో మీటింగులో ఉండగా ఫోన్ మోగింది. కోదాడ దగ్గర మా మూడెకరాలు కౌలుకి చేసే మామ. చుట్టరికం ఏమీ లేదు, ఊరి వరసకి మామ. కట్ చేస్తే మళ్ళీ చేశాడు. బయటికొచ్చి ఎత్తాను.

"అల్లుడా, నీ ఫోనుకి ఏదో నంబరొచ్చిందంట. అది చెప్తేగానీ కాంటా అయిన వడ్లు కంప్యూటర్ల ఎక్కవంట. జెర చూడు."

ఆరంకెలు చదివాను. ఆయన ఒక్కో అంకే పక్కనున్న కుర్రాడికి అరిచి చెప్పాడు. దాంతో ఆ పంట నేను అమ్మినట్టయింది. నారు పోసింది ఆయన. వంతు నీళ్ళ కోసం రాత్రుళ్ళు కాల్వ గట్టు మీద పడుకున్నదీ, ఐకేపీ సెంటర్లో మబ్బు పట్టినప్పుడల్లా వడ్ల రాశి మీద పట్టాలు కప్పిందీ ఆయనే. డబ్బు మాత్రం నా ఖాతాలో పడింది. తిరిగి ఆయనకి పంపాను. వెంటనే పంపానని రాద్దామనుకున్నా, కానీ నిజం చెప్పాలి: వారం తర్వాత, గుర్తొచ్చినప్పుడు పంపాను. ఆ వారంలో ఆయన ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

అడగడానికి మొహమాటపడ్డాడు. ఆ మొహమాటం నన్ను వదల్లేదు. దున్నేవాడికే భూమి కావాలని జనం తుపాకులు పట్టిన ప్రాంతం మాది. అక్కడ దున్నేవాడు తన వడ్ల డబ్బు అడగడానికి మొహమాటపడే దాకా ఎట్లా వచ్చాం? కొన్నాళ్ళుగా దొరికిందల్లా చదువుతూ వచ్చింది దీని కోసమే.

మా వైపు తెలియనివాళ్ళకి కొంచెం భూగోళం. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే హైవే మీద ముందు సూర్యాపేట, తర్వాత కోదాడ. చాలామందికి ఇవి బస్సు టిఫిన్‌కి ఆగే ఊళ్ళు. మిర్యాలగూడ హైవేకి దక్షిణాన, కృష్ణకి దగ్గరగా ఉంటుంది. మూడూ పాత నల్లగొండ జిల్లావే. 2016లో సూర్యాపేట జిల్లా అయినప్పుడు కోదాడ దాంట్లోకి వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది.

నిజాం కాలంలో సూర్యాపేట తాలూకా అంటే దొరల తాలూకా. ఎర్రపహాడ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్యని కాల్చి చంపాక రగిలిన పోరాటానికి జనగామతో పాటు సూర్యాపేట కూడా గుండెకాయే. భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యం, ఆ అన్నాచెల్లెళ్ళిద్దరూ ఇక్కడివాళ్ళే.

సాహిత్యం చదివేవాళ్ళకి నచ్చే ముచ్చట ఒకటుంది. కోదాడ పక్కనున్న మునగాల పరగణా నిజాం రాజ్యం మధ్యలో ఉన్నా బ్రిటిష్ వాళ్ళ కృష్ణా జిల్లాలోది. దాని జమీందారు నడిగూడెం రాజా నాయని వెంకట రంగారావు, దివాను కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టుక వెనక ఈ ఇద్దరూ ఉన్నారు. 1930లలో రైతులు వెట్టికీ శిస్తులకీ ఎదురుతిరిగింది కూడా ఈ పరగణాలోనే, ఈ జమీందారీ మీదనే. గ్రంథాలయోద్యమం గురించి చదివినప్పుడు మనకి మొదటి సగమే చెప్తారు.

పోరాటం నడుస్తుండగానే 1950లో హైదరాబాద్ రాష్ట్రం కౌలుదారీ చట్టం తెచ్చింది. అప్పటికి భూమి చేస్తున్నవాళ్ళని 'రక్షిత కౌలుదార్లు'గా నమోదు చేశారు. 1970లలో అదే చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద కొందరికి యాజమాన్యపు పత్రాలు కూడా వచ్చాయి. ఎంతమందికి అందింది, ఎంతమందిని ముందే వెళ్ళగొట్టారు అన్నది వేరే కథ. నాకు ముఖ్యమైంది ఆ చట్టానికి ఆధారం ఒక రిజిస్టరు కావడం. ఊళ్ళో రాసే పహాణీలో పట్టాదారుకి ఒక గడి, సాగుచేసేవాడికి ఒక గడి. ఆ రెండో గడినే మా వైపు కాస్తు కాలం అంటారు. అందులో పేరు పడటం కోసం కౌలుదారు, పడకుండా చూడటానికి పట్టాదారు పట్వారీ చుట్టూ తిరిగేవాళ్ళు. మా తాతకి జీవితాంతం అదే భయం. ఏటేటా కౌలుదార్లని మార్చేవాడు.

మా తాత ఇక్కడివాడు కాదు. నందిగామ వైపు నుంచి వచ్చి కొన్నాడు. దానికి కారణం కాల్వ.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకి నీళ్ళు వదిలింది. కుడి కాల్వకి జవహర్ పేరు, ఎడమ కాల్వకి లాల్ బహదూర్ పేరు. ఎడమ కాల్వ ముందు మిర్యాలగూడ వైపు నీళ్ళిచ్చి, తర్వాత హుజూర్‌నగర్, కోదాడ మీదుగా ఖమ్మం వైపు సాగుతుంది. నీళ్ళొస్తాయని ముందే లెక్కేసుకున్న కోస్తా రైతులు డెల్టాలో ఎకరం అమ్మి ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు కొన్నారు. ఎవరు అమ్మారో, ఎందుకంత తక్కువకి అమ్మారో మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నేనూ అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే తాత లేడు.

సూర్యాపేటకి ఈ అదృష్టం పట్టలేదు. అక్కడ మూసీ, చెరువులు, బావులే దిక్కు. మూసీ ప్రాజెక్టు 1963లో పూర్తయింది. దాంట్లోకి వచ్చేది హైదరాబాదు మురుగు కలిసిన నీళ్ళు, అంటే నా ఫ్లాట్ నీళ్ళు కూడా. గోదావరి నీళ్ళు శ్రీరాంసాగర్ రెండో దశ కాల్వల్లో వస్తాయని దశాబ్దాలు ఎదురుచూశారు. మిర్యాలగూడ నుంచి మూడుసార్లు ఎంపీగా గెలిచిన భీమిరెడ్డి నరసింహారెడ్డి పెద్దవయసు దాకా ఆ నీళ్ళ కోసమే కొట్లాడాడు, 2008లో పోయాడు. కాళేశ్వరం మొదలైన 2019 తర్వాత నీళ్ళు వచ్చాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. ఆ తర్వాతి యాసంగిలో సూర్యాపేట చివరి పొలాల్లో వరి ఎండింది.

ఇక విత్తనం. సాగర్ కింద అంతా వరే వేయాలని ప్రాజెక్టు కట్టినవాళ్ళు అనుకోలేదు. ఆయకట్టులో కొంత మాగాణికి, కొంత ఆరుతడి పంటలకి అని విడగొట్టారు. కాగితం మీద. కాల్వలో నీళ్ళు పారుతుంటే ఆరుతడి పంట వేసేవాడెవడు? పైగా సరిగ్గా అప్పుడే కొత్త వరి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్8 విడుదల చేసింది. ఇండోనేషియా 'పేట'కీ తైవాన్ పొట్టి వరి 'డీ-జియో-వూ-జెన్'కీ పుట్టిన రకం అది. ఆ పొట్టితనం వల్ల ఎరువేసినా చేను పడిపోదు.

మనం ఇష్టంగా తినే బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, 1986లో బాపట్లలో వచ్చింది. తమిళనాడు జీఈబీ 24, తైవాన్ టీఎన్1, మలేషియా మసూరి, ముగ్గురూ దాని పూర్వీకులే. 'మసూరి' అనేది లంకావి దీవిలో జనం కథలుగా చెప్పుకునే ఒకావిడ పేరు. ఎక్కడి మలేషియా ఆవిడ, ఎక్కడి మిర్యాలగూడ బియ్యం బస్తా!

మిల్లుల వల్ల మిర్యాలగూడ పేరు మారుమోగింది. ఆసియాలోనే ఎక్కువ రైస్‌మిల్లులున్న ఊరు మాది అంటారు అక్కడివాళ్ళు. ఎవరు లెక్కపెట్టారో గానీ, కోతల కాలంలో ఆ రోడ్డు మీద ఇరుక్కున్నవాడెవడూ కాదనడు. ఇక్కడి మిల్లులు పచ్చి వడ్లే కొంటాయి. కోత మిషను నుంచి ట్రాక్టరు, ట్రాక్టరు నుంచి మిల్లు. కల్లం లేదు, ఆరబోత లేదు. రైతుకి సుఖం, కానీ పచ్చి వడ్లు రెండు రోజులు కూడా ఆగవు కాబట్టి ధర చెప్పేది మిల్లే. 2020 వానాకాలంలో సన్నాలే వేయమని ప్రభుత్వమే చెప్పింది, అందరూ వేశారు. పంట ఒకేసారి మీదపడితే టోకెన్లు పెట్టారు. టోకెన్ల కోసం రైతులు రాత్రి నుంచే వరసలు కట్టారు. ఆ మరుసటేడు ఉప్పుడు బియ్యం తీసుకోమని కేంద్రం, తీసుకోవాల్సిందేనని రాష్ట్రం. 2024 నుంచి సన్న వడ్లకి క్వింటాలుకి 500 బోనస్. 2025 ఉగాది రోజు మా పక్కనే హుజూర్‌నగర్‌లో రేషన్ షాపుల్లో సన్నబియ్యం పథకం మొదలైంది. వరికే ఒక ప్రభుత్వ శాఖ పెట్టాల్సినంత రాజకీయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2025 మార్చి చివర్లో, కాకినాడ రేవు నుంచి తెలంగాణ బియ్యం 12,500 టన్నులు ఫిలిప్పీన్స్‌కి బయల్దేరాయి. రకం ఎంటీయూ 1010. అది కృష్ణవేణికీ ఐఆర్64కీ పుట్టింది. ఐఆర్64 పుట్టిల్లు ఫిలిప్పీన్స్! మనకి విత్తనమిచ్చిన దేశానికి మనం బియ్యం పంపుతున్నాం. ఇది చదివిన రోజు నాకు భలే ముచ్చటేసింది. ఆగస్టులో ఆ దేశాధ్యక్షుడు మన దేశానికి వచ్చినప్పుడే, అక్కడి రైతులకి ధర పడిపోతోందని, సెప్టెంబరు 1 నుంచి రెండు నెలలు బియ్యం దిగుమతులు ఆపుతున్నట్టు ప్రకటించాడు. తప్పు పట్టలేం. అక్కడా ఎవరో ఒక మామ ఉంటాడు.

తైవాన్ నుంచి మనం పొట్టి వరి తెచ్చుకున్నాం. 1949లో తైవాన్ చేసిన ఇంకో పని ఉంది: కౌలు పంటలో 37.5 శాతం దాటకూడదని నిబంధన పెట్టి, రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలంది. పంట పోతే కౌలు తగ్గించాలంది. పశ్చిమ బెంగాల్ 1978లో ఆపరేషన్ బర్గాతో ఊరూరా తిరిగి పాలుకి చేసేవాళ్ళ పేర్లు రాయించింది. చైనా అయితే భూమి హక్కుని మూడు ముక్కలు చేసింది. ఊరి ఉమ్మడి యాజమాన్యం ఒకటి, కుటుంబానికి ఉండే హక్కు ఒకటి, సాగుచేసే హక్కు ఒకటి. పట్నం పోయినవాడి హక్కు పోదు, దున్నేవాడికీ కాగితం ఉంటుంది. ఈ దేశాల్లో అంతా సవ్యంగా ఉందని కాదు. గడి మాత్రం ఉంది.

మన దగ్గర ఉన్న గడి తీసేశారు. 2017లో భూరికార్డుల ప్రక్షాళన, 2020 అక్టోబరులో ధరణి. ఆ ధరణి రికార్డులో కాస్తు కాలం లేకుండా చేశారు. దాన్ని అడ్డం పెట్టుకుని దందాలు చేస్తున్నారు కాబట్టి తీసేశామన్నారు. దందాలు నిజమే. నేను రోజూ డేటాబేసులతో పనిచేస్తాను. తప్పుడు డేటా ఉందని ఏకంగా కాలమే డ్రాప్ చేస్తే, దాని మీద ఆధారపడ్డవన్నీ విరుగుతాయని మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా తెలుసు. ఇక్కడ విరిగినవి: పంట రుణం, 2018లో వచ్చిన రైతుబంధు, అదే ఏడాది వచ్చిన రైతుబీమా. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలిచ్చే ఆ బీమా నాకు వర్తిస్తుంది. నేను కొండాపూర్‌లో ఏసీలో కూర్చుంటాను. పురుగుమందు కొట్టే మామకి వర్తించదు. 2023 ఎన్నికల్లో కౌలుదార్లకీ ఇస్తామన్నారు. 2025 జనవరిలో ఎకరానికి ఏడాదికి 12,000 చొప్పున రైతు భరోసా మొదలైంది, అదీ పట్టాదారుకే వచ్చింది.

2023–24లో సాగర్ నిండలేదు, యాసంగికి ఎడమ కాల్వ కింద వరికి నీళ్ళివ్వలేదు. మా పొలం బీడు. మేం కౌలు తీసుకోలేదు, అదొక ఘనకార్యంలా నాన్న చెప్పుకున్నాడు. రైతుబంధు 15,000 మాత్రం నాకు పడింది, బీడు భూమికి. అది మామకి పంపాలని నాకు తట్టలేదు. రైతు భరోసా మొదటి విడత వచ్చినప్పుడు తట్టింది. 2024 సెప్టెంబరు మొదట్లో వరదకి నడిగూడెం మండలంలో ఎడమ కాల్వ తెగింది. మా పొలంలో ఒక మూల ఇసుక మేట వేసింది. మామ, అత్త, ఇద్దరు కూలీలు నాలుగు రోజులు ఎత్తిపోశారు. భూమి బాగుచేసినందుకు నేనియ్యాల్సింది కదా, ఆయన అడగలేదు.

ఎకరానికి పంటకి పన్నెండు బస్తాల కౌలు. మంచిగా పండితే ముప్పై అయిదు బస్తాలు. లెక్కేస్తే తైవాన్ చట్టానికి లోపలే ఉన్నాం! కానీ విత్తనం, ఎరువు, కోత మిషను బాడుగ, నాట్లకొచ్చే బీహారు కూలీల ముఠా ఖర్చు, అన్నీ ఆయనవే. మామ కొడుకు హైదరాబాదులో డెలివరీ బండి నడుపుతాడు. పొలానికి రానన్నాడు. మామకి అరవై దాటాయి. డ్రోన్లతో మందు కొట్టడం, వెదజల్లే వరి, ఇవన్నీ మా ఊళ్ళోకి వచ్చాయి. వచ్చే పదిహేనేళ్ళలో ఎవరు చేస్తారన్నదానికి మాత్రం మా వాడలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

పోయిన సంక్రాంతికి నాన్నతో అన్నాను, కౌలు ఒప్పందం కాగితం మీద రాద్దాం, అయిదేళ్ళకి. బ్యాంకులో అప్పయినా అడుక్కుంటాడు అని. నాన్న టీ గ్లాసు కింద పెట్టి, "రాసిస్తే రేపు భూమి మీదికొస్తాడు" అన్నాడు. తాత గొంతు అచ్చంగా. అమ్మేస్తే పోతుంది కదా అన్నాను. హైవే పక్క రేట్లు పెరుగుతున్నాయి, కొన్నాళ్ళు ఆగమన్నాడు. నేను ఒక ఒప్పందం టైపు చేసుకున్నాను. నాలుగు పేజీలు. ఇంకా నా లాప్‌టాప్‌లోనే ఉంది. పట్టా నా పేరు మీదే ఉంది కాబట్టి నాన్న సంతకం కూడా అక్కర్లేదు, నాదొక్కటి చాలు.

మొన్న జూన్‌లో మామ ఫోన్ చేశాడు. సాగర్‌లో నీళ్ళెంత ఉన్నాయో, పైన శ్రీశైలంలో ఎంత ఉన్నాయో నెట్‌లో చూసి చెప్పమన్నాడు. చూసి చెప్పాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు.

"సరేలే. నారుమడి దున్నుతున్నా" అన్నాడు.