అమ్మకము లేని సలహా: మెడికేర్ చరిత్రలో ఒక అధ్యాయము

వార్ధక్యమున రోగము రెండు విధముల బాధించును: శరీరమును కుంగదీయుట యొకటి, కూడబెట్టిన ధనమును హరించుట రెండవది. ఇరువదవ శతాబ్దపు నడిమి భాగమున, సంపదకు పెట్టినది పేరైన అమెరికా సంయుక్త రాష్ట్రములలో సైతము, అరువదియైదేండ్లు దాటినవారిలో సుమారు సగముమందికి ఆసుపత్రి ఖర్చులకు బీమా యనునది లేకుండెను. యజమాని ద్వారా లభించిన బీమా ఉద్యోగముతోడనే ముగియుచుండెను. వయసు మీరినవారికి విడిగా పాలసీ నిచ్చుటకు కంపెనీలు వెనుదీయుచుండెను. ఇచ్చినను వారు భరింపజాలని ప్రీమియమును విధించుచుండెను. ఈ దురవస్థను తొలగించుటకై 1965లో పుట్టిన మెడికేర్ చట్టమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. ఆ చట్టము ప్రసాదించిన హక్కును వృద్ధుల యింటి గడపదాక కొనిపోయి, విడమరచి చెప్పి, దరఖాస్తు నింపించిన సలహాదారులను తలచుకొన్నవారు అరుదు. ఈ వ్యాసము వారి చరిత్ర.

1935లో సోషల్ సెక్యూరిటీ చట్టము వెలువడినపుడు అందు ఆరోగ్య బీమాకు చోటు దొరకలేదు. 1945 నవంబరు 19వ తేదీన అధ్యక్షుడు హారీ ట్రూమన్ దేశప్రజలందరికిని వర్తించు ఆరోగ్య బీమాను నెలకొల్పవలెనని కాంగ్రెసునకు సందేశము పంపెను గాని, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ప్రబలముగా నెదిరించుటచే ఆ ప్రయత్నము ఫలింపలేదు. అందరికిని సాధ్యము కానిది వృద్ధులకైనను సాధింపవలెనని అటుపిమ్మట అధ్యక్షుడు కెనెడీ పూనుకొనెను. ఆయన జీవితకాలమున అదియు నెరవేరలేదు. తుదకు 1965 జూలై 30వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మిస్సోరీ రాష్ట్రమందలి ఇండిపెండెన్స్ పట్టణమునకు స్వయముగా పోయి, ఎనుబదియొకటేండ్ల ట్రూమన్ సమక్షమున చట్టముపై సంతకము చేసి, మెడికేర్‌లో ప్రథమ సభ్యునిగా ఆ వృద్ధుని పేరునే నమోదు చేయించెను.

చట్టము వచ్చినంతనే పని ముగిసినదని తలచినవారికి అసలు పని అప్పుడే మొదలైనదని తెలియుటకు ఎంతో కాలము పట్టలేదు. మెడికేర్‌లో పార్టు ఏ యనునది ఆసుపత్రి ఖర్చులకు సంబంధించినది. అది దాదాపు అందరికిని రుసుము లేకయే లభించెను. పార్టు బి యనునది వైద్యుల ఫీజులకు సంబంధించినది. అందు చేరుట ఐచ్ఛికము, చేరినవారు నెలకు మూడు డాలర్లు చెల్లింపవలెను, అంతే మొత్తమును ప్రభుత్వము తానును జతచేయును. చేరుదువో మానుదువో తెలుపుమని సోషల్ సెక్యూరిటీ శాఖవారు తమ జాబితాలలోనున్న వృద్ధులకు కంప్యూటరు యంత్రములు చదువగలిగిన రంధ్రముల కార్డులను తపాలాలో పంపిరి. జీవితమంతయు పొలములోనో ఫ్యాక్టరీలోనో గడిపి, కంటిచూపు మందగించిన వయసులో అట్టి కార్డు నందుకొన్న ముదుసలి దానిని చేతబట్టుకొని యేమి చేయవలెను? పారవేసినయెడల ఏమగునో, సంతకము చేసినయెడల ఏమగునో చెప్పువారు కావలెను.

ఆ చెప్పువారిని ప్రభుత్వము వృద్ధులలోనుండియే ఎన్నుకొనుట ఈ చరిత్రలో మిక్కిలి శ్లాఘనీయమైన ఘట్టము. దారిద్ర్య నిర్మూలన కార్యాలయమువారు ‘ఆపరేషన్ మెడికేర్ అలర్ట్’ అను పేర పేదవృద్ధులకే కూలి యిచ్చి, ఇంటింటికి తిరిగి తోడి వృద్ధులకు పథకమును వివరించు పనిని వారికి అప్పగించిరి. అడవులలో ఏకాకులై నివసించువారిని వెదకుటకు అటవీశాఖ ఉద్యోగుల సాయమును సైతము కోరిరి. 1966 మార్చి 31తో ముగియవలసిన గడువును, ఇంకను చేరనివారు పలువురున్నారని గ్రహించి, మే 31 వరకు పొడిగించిరి. జూలై 1వ తేదీన పథకము అమలులోనికి వచ్చునప్పటికి సుమారు ఒక కోటి తొంబది లక్షలమంది వృద్ధులు మెడికేర్‌లో నుండిరి. వారిలో నూటికి తొంబదిమందికి పైగా పార్టు బి యందును చేరియుండిరి. ఇంతమంది వృద్ధులను ఒక్క యేడాది లోపల ఒక ఐచ్ఛిక పథకములో చేర్చగలుగుట కాగితములు పంపినంత మాత్రమున జరిగినది కాదు. గడపగడపకు నడిచిన కాళ్ల ఫలము.

అయితే కార్డు చేతికి వచ్చినను ఆసుపత్రి తలుపు తెరుచుకొనవలెను గదా. దక్షిణ రాష్ట్రములలో పెక్కు ఆసుపత్రులు నల్లజాతివారిని వేరు వార్డులలో నుంచుచుండెను, కొన్ని అసలే చేర్చుకొనకుండెను. 1964 నాటి పౌరహక్కుల చట్టమును పాటింపని ఆసుపత్రికి మెడికేర్ సొమ్ము ముట్టదని ప్రభుత్వము ఖండితముగా చెప్పుటచే, సుమారు వేయి ఆసుపత్రులు కొలది నెలలలో తమ వార్డులను ఏకము చేసినవి. వృద్ధుల బీమా నిమిత్తమున వచ్చిన చట్టము ఒక దేశపు వైద్యశాలల ముఖ్యద్వారములను అందరికిని తెరిపించినది.

కాలక్రమమున మెడికేర్‌లోని ఖాళీలు బయటపడసాగెను. ఆసుపత్రిలో చేరినపుడు మొదటి భాగమును రోగియే భరింపవలెను. డాక్టరు ఫీజులో నూటికి ఇరువది వంతులు రోగివే. ఈ లోటును పూడ్చుటకు ప్రైవేటు కంపెనీలు ‘మెడిగ్యాప్’ పాలసీలను అమ్మసాగినవి. వానిలో సక్రమమైనవి లేకపోలేదు గాని, భయమును పెట్టుబడిగా చేసికొన్న ఏజెంట్లు ఒంటరి వృద్ధురాండ్ర యిండ్లలో చొరబడి, ఒకే ఖర్చునకు రెండు మూడు పాలసీలను అంటగట్టిన ఉదంతములు కోకొల్లలు. 1978లో క్లాడ్ పెప్పర్ అధ్యక్షతనున్న ప్రతినిధుల సభాసంఘము విచారణ జరిపి ఈ అక్రమములను లోకమునకు వెల్లడించెను. తెలిసి తెలిసి జంట పాలసీని అమ్ముట 1980లో నేరమయ్యెను. కాని అమ్మువానిని శిక్షించుట వేరు, కొనువానికి తెలివిడి కలిగించుట వేరు.

ఆ రెండవ పనికి వాషింగ్టన్ రాష్ట్రము దారి చూపెను. 1979లో అచ్చటి బీమా కమిషనరు కార్యాలయమువారు పదవీవిరమణ చేసిన స్వచ్ఛంద సేవకులకు శిక్షణ నిచ్చి, తోటివారికి ఉచితముగా సలహా చెప్పు ఏర్పాటు చేసిరి. 1984లో కాలిఫోర్నియాయు, అనంతరము మరికొన్ని రాష్ట్రములును ఆ మార్గమునే అనుసరించినవి. సలహాదారు ఏ పాలసీని అమ్మరాదు, ఏ కంపెనీతోను సంబంధ ముండరాదు, పైసాయైనను పుచ్చుకొనరాదు: ఈ మూడు నియమములే ఆ వ్యవస్థకు ప్రాణము. 1990లో కాంగ్రెసు మెడిగ్యాప్ పాలసీలను పది నమూనాలకు పరిమితము చేయుచు, ఆ చట్టమునందే రాష్ట్రముల సలహా కేంద్రములకు నిధుల నిచ్చుటకు అంగీకరించెను. నేడు ‘షిప్’ అను పొడిపేరుతో ఆ కేంద్రములు అన్ని రాష్ట్రములలోను నున్నవి.

అట్టి సలహాదారు బల్ల యెదుట కూర్చున్న వృద్ధుని ఒకసారి చూడుడు. చేత కాగితపు సంచి. అందు మందుల సీసాలు, ఎర్ర తెలుపు నీలము రంగుల మెడికేర్ కార్డు, విప్పని ఉత్తరములు. సలహాదారు మొదట ఉత్తరముల నన్నిటిని విప్పును. ‘ఇది బిల్లు కాదు’ అని అచ్చువేసియున్న లెక్కల పత్రమును బిల్లే యనుకొని నెలల తరబడి దిగులుపడినవారు కలరు. ఆ దిగులు ముందుగా తీరును. పిదప సీసాలను వరుసగా నిలిపి, ఒక్కొక్కదాని పేరును, మోతాదును, నెలకు ఎన్ని మాత్రలు కావలెనో వ్రాసికొనును. తరువాత ప్రశ్నలు: ఉద్యోగమెప్పుడు మానితిరి? మీ డాక్టరెవరు? ఆదాయమెంత? ఉద్యోగము విడిచిన పిదప ‘కోబ్రా’ క్రింద పాత కంపెనీ బీమానే కొనసాగించుకొనుచు, ఇది చాలునని భ్రమించి పార్టు బిని వాయిదా వేసినవారికి, ఆలస్యమైన ప్రతి పండ్రెండు నెలలకు నూటికి పదివంతుల చొప్పున ప్రీమియము పెరిగి, ఆ పెరుగుదల జీవితాంతము వెంటనుండును. ఆదాయము తక్కువైనవారికి పార్టు బి ప్రీమియమును రాష్ట్రమే చెల్లించు పథకము కలదు. అడిగినవారికే అది లభించును. అన్నియు చెప్పి, తుది నిర్ణయమును సలహాదారు వృద్ధునికే విడుచును.

ఈ విద్యకు కఠినపరీక్ష 2006లో వచ్చెను. ఆ జనవరి 1వ తేదీన మందుల బీమా, అనగా పార్టు డి, మొదలయ్యెను. ఒక్కొక్క రాష్ట్రమున పదులకొలది ప్లానులు. ప్రతిదానికి వేరు మందుల జాబితా, వేరు ధర. మందుల ఖర్చు 2,250 డాలర్లు దాటినపిమ్మట, రోగి చేతినుండి 3,600 డాలర్లు వెచ్చించువరకు బీమా పలుకని నడిమి ఖాళీ యొకటి. పేదల వైద్య సహాయ పథకమైన మెడికెయిడ్ నుండి ఒక్క రాత్రిలో క్రొత్త ప్లానులకు మార్చబడిన పేదరోగులలో పలువురి పేర్లు మందుల దుకాణముల కంప్యూటర్లలో కనబడక, అనేక రాష్ట్రములు తామే అత్యవసరముగా మందుల సొమ్ము చెల్లింపవలసి వచ్చెను. ఆ నెలలలో సలహా కేంద్రముల టెలిఫోనులు మ్రోగుటకు విరామము లేకుండెను. ఆ నడిమి ఖాళీ పూర్తిగా తొలగి, మందులకు రోగి చెల్లింపవలసిన మొత్తము ఏడాదికి 2,000 డాలర్లకు పరిమితమగుటకు 2025 వరకు వేచియుండవలసి వచ్చినది.

సంతానముతో నుండుటకై అమెరికా చేరిన తెలుగు తల్లిదండ్రులకును ఈ చరిత్రతో సంబంధము కలదు. గ్రీన్‌కార్డుతో ఐదేండ్లు ఎడతెగక నివసించిన అరువదియైదేండ్లవారు రుసుము చెల్లించి మెడికేర్‌లో చేరవచ్చును. పార్టు ఏ ఉచితముగా లభించుటకు తామో తమ భర్తయో భార్యయో పదేండ్లు అచ్చట పనిచేసి పన్ను కట్టియుండవలెను. కొడుకు ఇరువదియేండ్లు కట్టినను అది తల్లికి లెక్కకు రాదు. మెడికేర్ సాధారణముగా ఆ దేశపు సరిహద్దులు దాటదు. కనుక గుంటూరుకో వరంగల్లుకో వచ్చినపుడు జబ్బుచేసినయెడల అది అక్కరకు రాదు. ఈ రెండు సంగతులును పలు కుటుంబములకు అవసరము ముంచుకొని వచ్చినపుడే తెలియుట శోచనీయము. మెడికేర్‌లో చేరు గడువు మీరకముందే, పిల్లలు తమ పెద్దలను వెంటబెట్టుకొని ఉచిత సలహా కేంద్రమునకు పోవుట కర్తవ్యము.

2010వ దశకము ద్వితీయార్ధమున ఈ కేంద్రముల నిధులను పూర్తిగా తీసివేయవలెనను ప్రతిపాదనలు దేశ రాజధాని వాషింగ్టన్‌లో తలయెత్తినవి. అవి నెగ్గలేదు, నెగ్గకపోవుట న్యాయము. చిక్కుముడుల బీమాను నిర్మించిన ప్రభుత్వమే ఆ ముడులను విప్పి చెప్పు బాధ్యతను గూడ వహింపవలెను. ఏజెంటు ఉచితముగా మాటలాడినను ఆతనికి కమీషను ముట్టును, కంపెనీ కరపత్రము తన సరుకునే పొగడును. లాభాపేక్ష లేక వృద్ధుని మేలునొక్కదానినే కోరి పలుకు నోరు ఆ బజారులో ఒక్క సలహాదారుదే. వైద్యుని ఫీజును, ఆసుపత్రి మంచమును బీమా ఖర్చులో చేర్చినట్లే, ఆ సలహాదారు శిక్షణకును, ఆయన కూర్చుండు బల్లకును అగు ఖర్చును గూడ బీమాలో భాగముగనే పరిగణింపవలయును. 1966లో ఇంటింటికి తిరిగిన ఆ పేదవృద్ధులకు ప్రభుత్వమిచ్చిన కూలి దానము కాదు, చట్టమును అమలుపరచుటకైన వ్యయము; నేటి సలహాదారుల విషయమునను ఆ న్యాయమే వర్తింపవలెను.